మాగిన సిగారును పరీక్షించు విధము

పొగాకు కొనవచ్చిన వర్తకుడు ఆకును చేతబట్టి నలుపును, ముక్కుకడకు దెచ్చి వాసన చూచును, తల యాడించి వెల చెప్పును. రైతు ఆ వెలకు ఒప్పుకొనును. ఆ నలుపుటలో అతడేమి కనిపెట్టెనో, తల యాడించుటకు కారణమేమో మన సభ్యులలో పెక్కురకు తెలియదు. సరకు గుణము నెరుగనివాడు బేరమాడజాలడు. కావున పొగాకును మిక్కిలి నిశితముగ పరీక్షించువారు దేనిని చూతురో ఈ వ్యాసమున వివరించెదను.

వారు క్యూబా దేశమున హవానా నగరపు సిగారు కర్మాగారములలోని రుచి పరీక్షకులు. సిగారు మన చుట్టకు దాయాదియే. 1492వ సంవత్సరమున కొలంబసు మనుష్యులు క్యూబాలో ప్రవేశించినప్పుడు అచ్చటి ప్రజలు ఆకును చుట్టి పొగ త్రాగుట చూచిరి. ఆ మొక్క పిమ్మట పోర్చుగీసువారి మూలమున మన దేశమునకు వచ్చినది. గోదావరి లంకల ఒండ్రుమట్టిలో పండిన ఆకు ఒకప్పుడు ఓడలమీద బర్మాకు పోయి అచ్చటి చుట్టలలో చేరెడిది. కావున హవానావారి పరీక్ష మనకు పరాయిది కాదు.

సిగారులో మూడు భాగములు గలవు: లోపలి కూర్పు, దానిని పట్టియుంచు కట్టు ఆకు, పై ఆకు. కూర్పునకై మొక్క యొక్క అడుగు, నడిమి, తల ఆకులను వేర్వేరుగ కోసి, వేర్వేరుగ ఆరబెట్టి, కడపట కొలత ప్రకారము కలుపుదురు. అడుగాకు చక్కగ కాలును గాని రుచి తక్కువ. నడిమియాకు సువాసన నిచ్చును. తలయాకు ఎండను హెచ్చుగ పొందుటచే దళసరియై, ఘాటు గలిగి, మెల్లగ కాలును. పై ఆకునకు ప్రత్యేకముగ పొలములే గలవు. మొక్కలపై పలుచని గుడ్డపందిరి వేసి నీడలో పెంచుదురు. మనవారిలో కొందరు అడుగాకును తలయాకును ఒకే కట్టలో చేర్చుదురు. అట్లు చేయుట మూడు గుణముల సరకును అన్నిటికంటె తక్కువదాని వెలకు అమ్ముకొనుటయే.

“పాతబడిన చుట్ట యెండి చెడును గాని, దాని విలువ హెచ్చుటేమండీ?” అని ఒక సభ్యుడు నన్నడిగినాడు. ప్రశ్న మంచిది. పాతబడుట వేరు, మాగుట వేరు. క్యూబాలో ఆకును కొట్టాములలో సుమారు 50 దినములు గాలికి ఆరబెట్టి, పిమ్మట తేమ చల్లి మండె కట్టుదురు. మండెలో వేడి పుట్టును. అది మితిమీరకుండ ఆకును విప్పి తిరుగవేయుదురు. ఆ వేడిచే ఆకులోని మాంసకృత్తులు మొదలగునవి విరిగి, అమోనియా యను ఘాటు వాయువు బయటికి పోవును. ఆ పిమ్మట బేళ్లు కట్టి మాగవేయుదురు: అడుగాకు సుమారు 9 నెలలు, నడిమియాకు 12 మొదలు 18 నెలలు, తలయాకు 2 సంవత్సరములకు తక్కువ గాకుండ. “రిజర్వా” యను పేరు గల సిగార్లకు 3 సంవత్సరములును, “గ్రాన్ రిజర్వా”లకు 5 సంవత్సరములును మాగిన ఆకునే వాడుదురు. చుట్టిన సిగారు సైతము తగిన తేమలో నున్నచో, అనగా గాలిలో తేమ నూటికి 65 మొదలు 70 వరకు నున్నచో, ఏండ్ల తరబడి మెల్లగ మాగుచునే యుండును.

పరీక్షకుడు మొదట కంటితో చూచును. పై ఆకు నూనె రాచినట్లు సన్నని మెరుపు గలిగి, రంగు సమముగ నుండవలయును. ముదురు ఈనెలు, పచ్చమచ్చలు పనికిరావు. పచ్చమచ్చ ఆకు త్వరపడి యెండినదనుటకు గుర్తు. తరువాత రెండు వ్రేళ్లతో మెల్లగ నొక్కును. పిటపిటలాడినచో ఎండిపోయినది, మెత్తగ లోనికి పోయినచో తేమ హెచ్చినది. సూదిమొన యంత రంధ్రము లున్నచో పురుగు తొలిచినది. మాగుదలకు గుర్తని వర్తకులు చెప్పు తెల్లని నూగు పెక్కుమార్లు బూజే. అంటింపకముందే వాసన చూచి, కొన గోసి వట్టిగాలిని పీల్చిచూచుటయు గలదు.

అంటించిన పిదప హవానా పరీక్షకులు పొగ వచ్చు తీరు, కాలు తీరు, ఘాటు, వాసన, రుచి అనువానిని వేర్వేరుగ నిర్ణయింతురు. ఘాటు వేరు, రుచి వేరు అను సంగతి మనవారు గమనింపదగినది. ఘాటుగల ఆకెల్ల మంచి ఆకు కాదు. మాగని ఆకు ముక్కును పొడుచును, నాలుకను కొరుకును. మాగినది ఘాటుగ నున్నను గొంతును గీరదు. సిగారు కాలినకొలది రుచి మారును గనుక మొదలు, నడుమ, చివర అని మూడు భాగములుగ దానిని తలచుకొందురు. మితిమీరి యేండ్లు గడచినచో చేదుతోబాటు రుచియు పోయి, వట్టి పొగ మిగులును. కావున ఎంత పాతదైన అంత మంచిదను మాట నిజము కాదు.

కాలు తీరు చాలవరకు రైతు చేతిలోనిది. మంచి సిగారు చుట్టును సమముగ కాలి, గట్టి బూడిదను నిలుపుకొనును. ఒక ప్రక్క కాలి ఒక ప్రక్క ఆరిపోవుటకు చుట్టినవాని దోషము కొంత కారణము కావచ్చును. మాటిమాటికి ఆరిపోవుటకు మాత్రము నేల, నీరు, ఎరువులే తరచుగ మూలములు. పొటాషు ఆకును చక్కగ కాల్చును, క్లోరిను ఆర్పివేయును. ఆకులో క్లోరిను నూటికి 2 పాళ్లు మించినచో నిప్పు నిలువదు. అట్టి ఆకు గాలిలోని తేమను పీల్చుకొని నల్లబడును. అందుచేత చౌటినేలలు, ఉప్పుబావి నీరు పొగాకునకు శత్రువులు. మ్యూరియేట్ ఆఫ్ పొటాష్‌లో క్లోరిను గలదు గనుక పొగాకునకు వేయరాదు; సల్ఫేట్ ఆఫ్ పొటాష్ వేయవలయును. వెల కొంత హెచ్చు, నిజమే. కాని చౌకయెరువున మిగిలిన రూకలకంటె వర్తకుడు తగ్గించు వెల హెచ్చు.

పరీక్షకుడు పొగను మ్రింగక, నోట త్రిప్పి విడుచును. అంతమాత్రమున హాని తప్పదు. సిగారును చుట్టయు నోటికి, గొంతునకు క్యాన్సరు దెచ్చునని నిర్ధారణమైనది. మన ఉత్తర కోస్తా జిల్లాలలో నిప్పుకొన నోటిలోపల నుంచి త్రాగు అడ్డచుట్ట వలన అంగిట క్యాన్సరు పుట్టుచున్నది. ఆకు గుణము తెలియుటకు రైతు చుట్ట త్రాగనక్కరలేదు. కన్ను, ముక్కు, నిప్పు చాలును.

ఆ నిప్పు పరీక్ష యిట్లు చేయవలయును. అమ్మకమునకు ముందు ప్రతి బేలునుండియు నాలుగైదు ఆకులు తీసి, అన్నిటిని ఒకేచోట ఒకేపాటి తేమకు రానిచ్చి, ఈనెకు దూరముగ నొక అంచున నిప్పు తగిలించి, మంట నూదివేయుడు. మంట లేక నిప్పు ఎన్ని సెకండ్లు పాకునో గడియారము చూచి వ్రాసికొనుడు. పొలమువారీగ, ఎరువువారీగ లెక్క వ్రాసినచో ఏ చెక్కలోని ఆకు ఏల ఆరిపోవుచున్నదో రెండు పంటలలో తేలిపోవును. బేలు విప్పగనే కన్నులు మండునంత అమోనియా వాసన వచ్చినచో ఆ సరకును అప్పుడే అమ్మక, మరల మండె కట్టి, వేడిని చేతితో చూచుచు తిరుగవేయుడు.