రాత్రి డ్యూటీకి చెల్లని సంతకం

టెక్సాస్‌లో మా నర్సింగ్ హోమ్‌లో ఒక మనిషి పోతే, పోయారని చెప్పే అధికారం నాకుండేది కాదు. నాడి చూసేదాన్ని, స్టెతస్కోప్ పెట్టి వినేదాన్ని, కళ్లలోకి టార్చి వేసి చూసేదాన్ని. అంతా అయ్యాక ఫోన్ చేసి ఆర్ఎన్ కోసం కూర్చునేదాన్ని. ఆవిడ కారేసుకుని వచ్చి, నేను చేసినవే మళ్లీ చేసి, గడియారం చూసి టైము రాసేది. కాగితాల్లో మరణ సమయం ఆవిడ రాసిందే. ఈలోగా కొడుకో కూతురో మంచం పక్కన నిలబడి "ఇంతేనా?" అన్నట్టు నా మొహంలోకి చూస్తుంటే, "ఆర్ఎన్ దారిలో ఉన్నారండీ" అంటూ దుప్పటి సర్దడమే నా పని.

నేనప్పుడు ఎల్‌వీఎన్‌ని, అంటే లైసెన్స్‌డ్ వొకేషనల్ నర్సుని. ఈ పేరు టెక్సాస్, కాలిఫోర్నియాల్లోనే. మిగతా అమెరికాలో ఇదే ఉద్యోగాన్ని ఎల్‌పీఎన్, ప్రాక్టికల్ నర్సు అంటారు. ఏడాది చదువు, ఎన్‌క్లెక్స్-పీఎన్ అనే పరీక్ష, చేతికి లైసెన్సు. రిజిస్టర్డ్ నర్సు, అంటే ఆర్ఎన్ కావాలంటే సాధారణంగా రెండేళ్ల అసోసియేట్ డిగ్రీ అయినా ఉండాలి, నాలుగేళ్ల బీఎస్ఎన్ డిగ్రీ అయినా ఉండాలి, పరీక్ష ఎన్‌క్లెక్స్-ఆర్ఎన్. మన ఏఎన్ఎంకీ జీఎన్ఎంకీ ఉన్నంత తేడా అనుకోండి, కొలత అచ్చంగా సరిపోదు గానీ. ఇక్కడ నర్సింగ్ హోమ్ అంటే మన ఊళ్లలో డాక్టరుగారు పెట్టుకున్న చిన్న ఆసుపత్రి కాదు, పెద్దవాళ్లు ఏళ్ల తరబడి ఉండిపోయే చోటు. ఫెడరల్ నిబంధన ప్రకారం అక్కడ ఆర్ఎన్ రోజుకి ఎనిమిది గంటలు వరసగా ఉంటే చాలు. మిగతా పదహారు గంటలూ ఎల్‌వీఎన్‌తో నెట్టుకొచ్చేయొచ్చు. అందుకే రాత్రిపూట హాలు మొత్తానికి నేనూ, ఇద్దరు నర్సింగ్ అసిస్టెంట్లూ.

తెనాలిలో బీకాం చదివి పెళ్లి చేసుకుని హెచ్-4 డిపెండెంట్ వీసా మీద వచ్చినదాన్ని నేను. ఆ వీసా మీద చదువుకోవచ్చు, ఉద్యోగం చెయ్యకూడదు. 2015 మే తర్వాతే, అదీ భర్త గ్రీన్‌కార్డు ఫైలు కొంత దూరం నడిచినవాళ్లకే, పని చేసుకోవడానికి అనుమతి వచ్చింది. ఆ అనుమతి కార్డు చేతికి రాగానే మా అపార్ట్‌మెంట్ కాంప్లెక్స్ ఆడవాళ్లందరూ క్యూఏ టెస్టింగ్ కోర్సుల్లో చేరారు. నేను నర్సింగ్‌కి పోతానంటే మా అత్తయ్య ఫోన్‌లో కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "సాఫ్ట్‌వేరువాడి పెళ్లానివి, ఎవరివో మలమూత్రాలు ఎత్తడమేంటమ్మా" అంది. ఎత్తాను. చేతులు కడుక్కుంటే పోతుంది. చేతకాని పనికంటే మలం ఎత్తడమే నయమనిపించింది నాకు, ఇప్పటికీ అదే మాట.

ఎల్‌వీఎన్ మందులు ఇస్తుంది, కట్లు కడుతుంది, కాథెటర్ వేస్తుంది, ఇన్సులిన్ పొడుస్తుంది. చేతిపనిలో ఆర్ఎన్‌కి పెద్దగా తీసిపోదు. తేడా చట్టంలో ఉంది. టెక్సాస్ నర్సింగ్ బోర్డు లెక్కలో ఎల్‌వీఎన్ ఒకరి పర్యవేక్షణలో పనిచెయ్యాలి; ఎదురుగా ఉన్న ఇబ్బందిని చూసి, రాసి, పైవాళ్లకి చెప్పాలి. మనిషిని నిలువునా పరిశీలించి, లోపల ఏం జరుగుతోందో అంచనా కట్టి, కేర్ ప్లాన్ తయారుచేసేది, దానికి జవాబుదారీగా ఉండేది ఆర్ఎన్. జీతాలూ అలాగే. అమెరికా కార్మిక శాఖ 2024 లెక్కల ప్రకారం ప్రాక్టికల్ నర్సు మధ్యస్థ వార్షిక జీతం 62,340 డాలర్లు, రిజిస్టర్డ్ నర్సుది 93,600. ఒకటిన్నర రెట్లు.

ఈ రెండింటి మధ్యా వేసిన దారినే బ్రిడ్జి ప్రోగ్రాం అంటారు. మొదటి నుంచీ మొదలుపెట్టక్కర్లేదు. మా కమ్యూనిటీ కాలేజీలో ఎల్‌వీఎన్‌లకి మొదటి ఏడాది వదిలేస్తారు. కానీ బ్రిడ్జి ఎక్కడానికి ముందే సగం చదువు ఉంటుందని ఎవరూ చెప్పరు. అనాటమీ-ఫిజియాలజీ రెండు సెమిస్టర్లు, మైక్రోబయాలజీ, సైకాలజీ, ఇంగ్లిష్ కాంపోజిషన్. ఈ సైన్సు మార్కులకి చాలా కాలేజీల్లో కాలదోషం కూడా ఉంది: ఐదేళ్లు దాటితే మళ్లీ చదవాలి. ఆపైన టీయాస్ గానీ, హెసి గానీ ప్రవేశ పరీక్ష. బీకాంలో నేర్చుకున్న డెబిట్ క్రెడిట్లలో ఒక్కటీ ఇక్కడ అక్కరకు రాలేదు. హెచ్-4 వాళ్లకి ఫెడరల్ ఆర్థిక సాయం రాదు. రాష్ట్రంలో స్థిరపడి ఏడాది దాటితే స్థానికుల ఫీజు మాత్రం వర్తిస్తుంది. అదే మమ్మల్ని కాపాడింది. ప్రైవేటు కాలేజీల ఫీజులు దీనికి ఎన్నో రెట్లు.

లోపలికి వెళ్లాక మొదటి కోర్సు పేరు ట్రాన్సిషన్. మా క్లాసులో అందరూ ఏళ్ల తరబడి పనిచేసిన ఎల్‌వీఎన్‌లే. నైజీరియా నుంచి ఒకామె, ఫిలిప్పీన్స్ నుంచి ఇద్దరు, ఈస్ట్ టెక్సాస్ పల్లెటూళ్ల నుంచి మిగతావాళ్లు. సూది పట్టుకోవడం ఎవరికీ నేర్పక్కర్లేదు. ప్రొఫెసరుగారు మొదటి రోజే బోర్డు మీద నలుగురు పేషెంట్లని రాశారు. పిత్తాశయం ఆపరేషన్ అయి రెండో రోజు, నొప్పి పదికి ఏడు అంటున్నాడు. సీఓపీడీ అనే ఊపిరితిత్తుల జబ్బు ఉన్న పెద్దాయన, ఆక్సిజన్ 90. షుగరు పేషెంటు, రీడింగు 210. తుంటి ఆపరేషన్ అయినావిడ, ఉన్నట్టుండి కంగారుపడుతూ ఆయాసపడుతోంది. ముందు ఎవరి గదికి వెళ్తారు? క్లాసులో సగం చేతులు నొప్పి గదికి లేచాయి. నొప్పికి మందు ఇవ్వడం మాకు వచ్చిన పని, చేసెయ్యగలిగిన పని. సీఓపీడీ ఆయనకి 90 మామూలే. 210 ఆగుతుంది. తుంటి ఆవిడకి కాలిలో గడ్డకట్టిన రక్తం ఊపిరితిత్తులకి చేరి ఉండొచ్చు, ఆవిడ ఆగదు. గదిలోకి వెళ్లాక కూడా మొదట చెయ్యాల్సింది ఏదో ఒకటి ఇవ్వడం కాదు, చూడటం. బ్రిడ్జి చదువంతా నా దృష్టిలో ఇదే. పరుగెత్తడానికి అలవాటుపడ్డ చేతిని ఆపి, కంటిని ముందు పంపడం.

అప్పగింతల పాఠం ఇంకా తమాషా. ఏ పేషెంటుని ఎల్‌పీఎన్‌కి అప్పగించవచ్చు అని ప్రశ్న. పరిస్థితి నిలకడగా ఉండి, రేపెలా ఉంటుందో తెలిసినవాళ్లని ఇవ్వొచ్చు. కొత్తగా చేరినవాళ్లని మొదటిసారి పరిశీలించడం, ఇంటికెళ్లేవాళ్లకి బోధించడం, ఫలితం ఎలా ఉందో తేల్చడం ఇవ్వకూడదు. నిన్నటి రాత్రి వరకూ ఆ ఎల్‌పీఎన్‌లం మేమే. ఎవరికి ఏది ఇస్తే పని ఎక్కడ ఆగిపోతుందో పుస్తకం కంటే మాకు బాగా తెలుసు.

లెక్కల పరీక్ష వేరే. తొంభై శాతం రాకపోతే ఆ సెమిస్టర్ క్లినికల్స్‌కి రానివ్వరు. ఒకటి చూడండి. 80 కిలోల మనిషికి గంటకి కిలోకి 18 యూనిట్ల చొప్పున, రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే హెపారిన్ డ్రిప్. సంచిలో 250 మిల్లీలీటర్లకి 25,000 యూనిట్లు, అంటే మిల్లీలీటరుకి 100. గంటకి 1,440 యూనిట్లు కావాలి, పంపు మీద 14.4 పెట్టాలి. చుక్క తప్పిపోయి 144 అయిందంటే మనిషికి లోపల రక్తస్రావమే. హెపారిన్ మా నర్సింగ్ హోమ్‌లో డ్రిప్‌గా ఎప్పుడూ పెట్టలేదు. ఆసుపత్రి క్లినికల్స్‌లో మొదటిసారి ఆ పంపు ముందు నిలబడ్డాను. పక్కన ఒక ఆర్ఎన్ విడిగా లెక్క కట్టి, ఆవిడ అంకె నా అంకెతో కలిసేదాకా స్టార్ట్ నొక్కలేదు.

ఎన్‌క్లెక్స్ గురించి జనం రకరకాలుగా భయపెడతారు. కంప్యూటరు ప్రశ్నకి ప్రశ్న మన స్థాయి చూసి తరవాతది ఇస్తుంది. 85 ప్రశ్నలకే ఆపెయ్యవచ్చు, 150 దాకా లాగవచ్చు, గడువు ఐదు గంటలు. 85కి ఆగితే పాసనీ ఫెయిలనీ రెండు వర్గాలున్నాయి, రెండూ జరుగుతాయి. 2023 ఏప్రిల్ నుంచి కొత్త తరహా ప్రశ్నలు వచ్చాయి, ఒకే పేషెంటు కథ మీద ఆరేసి ప్రశ్నలు. నా మటుకు నాకు ఇవే నయం. నిజం మనిషిలా ఉంటాడు, గంటగంటకీ మారుతుంటాడు.

ఈ రెండేళ్ల ఆర్ఎన్ అనేది కూడా ఒకరు కనిపెట్టిందే. రెండో ప్రపంచయుద్ధం తర్వాత నర్సుల కరువు చూసి, కొలంబియా యూనివర్సిటీ టీచర్స్ కాలేజీలో మిల్డ్రెడ్ మాంటాగ్ అనే ఆవిడ 1951లో రెండేళ్ల కోర్సు ప్రతిపాదించింది. మరుసటి ఏడాది ఏడు కాలేజీలతో ప్రయోగం మొదలైంది. పెద్ద డిగ్రీ నర్సు కింద పనిచేసే సాంకేతిక నర్సు ఆవిడ ఊహ. లైసెన్సు పరీక్ష మాత్రం ఇద్దరికీ ఒకటే అయింది. పెద్ద ఆసుపత్రులు ఇప్పటికీ బీఎస్ఎన్‌నే అడుగుతాయి, కాబట్టి నేను ఆర్ఎన్ ఉద్యోగం చేసుకుంటూ ఆన్‌లైన్‌లో అదీ పూర్తి చేస్తున్నాను. కెనడాలో క్యుబెక్ తప్ప మిగతాచోట్ల కొత్తగా ఆర్ఎన్ కావాలంటే డిగ్రీ తప్పనిసరి, అక్కడి ప్రాక్టికల్ నర్సులకి బ్రిడ్జి ఇంకా పొడుగు.

బ్రిడ్జి కోర్సులో చేరేవాళ్లు ఫీజు కట్టే ముందు తమ రాష్ట్రం నర్సింగ్ బోర్డు దాన్ని ఒప్పుకుంటుందో లేదో చూసుకోవాలి. కాలిఫోర్నియాలో ఎల్‌వీఎన్‌లకి 30 యూనిట్ల దారి ఒకటుంది. డిగ్రీ లేకుండానే ఆర్ఎన్ పరీక్ష రాయనిస్తారు. చవక, తొందర. కానీ రేపు మీ ఆయనకి వేరే రాష్ట్రంలో ప్రాజెక్టు వస్తే ఆ లైసెన్సు అక్కడ చెల్లకపోవచ్చు. మన ఇళ్లలో ప్రాజెక్టులు ఎప్పుడూ వేరే రాష్ట్రంలోనే వస్తాయి.

తెనాలి నుంచి మా అక్క కూతురు ఈ మధ్య ఫోన్ చేసింది. జీఎన్ఎం చదివి విజయవాడలో పనిచేస్తోంది. "పిన్నీ, ముందు ఎల్‌పీఎన్ చేసి తర్వాత ఆర్ఎన్ చెయ్యాలంట కదా? కన్సల్టెన్సీ ఆయన ప్యాకేజీ ఇస్తానన్నాడు" అంది. అక్కర్లేదే అన్నాను. జీఎన్ఎం గానీ బీఎస్సీ గానీ చదివినవాళ్లు సర్టిఫికెట్ల మూల్యాంకనం చేయించుకుని నేరుగా ఎన్‌క్లెక్స్-ఆర్ఎన్ రాసుకోవచ్చు, హైదరాబాద్‌లోనే సెంటరుంది. ఇంగ్లిష్ పరీక్ష ఒకటి కావాలి. పైగా గ్రీన్‌కార్డు విషయంలో షెడ్యూల్-ఏ అనే సదుపాయం ఉన్నది ఆర్ఎన్‌లకే, ప్రాక్టికల్ నర్సులకి కాదు. మన దేశం క్యూ ఏళ్ల పొడుగున ఉంటుందని కూడా చెప్పాను.

"మరి నువ్వెందుకు చేశావు ఎల్‌పీఎన్?" అంది.

"నేను బీకాం కదే" అన్నాను. ప్యాకేజీ ఆయనకి అడ్వాన్సు ఇచ్చేశారా అని అడిగితే, నాన్న రేపు ఇస్తానన్నారంది. బావగారికి ఫోన్ ఇవ్వమన్నాను.