జెరూసలేంలో వెన్న ఎరగని విందు

జెరూసలేం పాతనగరానికి పడమటి ద్వారం యాఫా గేటు. ఆ గేటు బయట, కోటగోడకు ఎదురుగా ఉన్న పల్లంలోకి దిగితే హుత్సోత్ హయొత్సేర్ అనే రాతి సందు వస్తుంది. వెండిపని వాళ్ళు, కుండలు చేసేవాళ్ళు, చిత్రకారులు అక్కడ కొట్లు పెట్టుకుని పనిచేసుకుంటూ ఉంటారు. ఆ సందులోనే ఉంది 'యూకలిప్టస్'. నగరంలో బాగా పేరున్న, ఖరీదైన కోషర్ రెస్టారెంట్లలో అదొకటి. కోటగోడ దగ్గర కూర్చుని తినడమే చాలనుకుని వచ్చేవాళ్ళూ ఉంటారు. అయితే ఇక్కడికి రావాల్సింది వంట కోసం. యూదుల ఆహార నియమాలన్నిటినీ తు.చ. తప్పకుండా పాటిస్తూనే, ఆ నియమాల వల్ల ఏదో కోల్పోయామన్న ఊహ కూడా రానివ్వని వంట అది.

యూకలిప్టస్ అంటే మన జామాయిల్. ఆ పేరు వెనక ఒక చెట్టే ఉంది. దీన్ని నడిపే మోషే బస్సాన్ ఇరాక్‌లో పుట్టారు. 1951–52లో ఇరాక్ నుంచి 1,20,000 మందికి పైగా యూదులను విమానాల్లో ఇజ్రాయెల్‌కు తరలించారు. పసివాడిగా ఉన్న బస్సాన్‌తో ఆ కుటుంబమూ అలాగే వచ్చి, జెరూసలేం శివార్లలో వలసవచ్చినవాళ్ళ కోసం వేసిన శిబిరంలో చేరింది. యూదులకు తూ బిష్వాత్ అని చెట్ల పండగ ఒకటుంది. ఆ రోజు బడిపిల్లల చేత మొక్కలు నాటిస్తారు. బస్సాన్ చిన్నప్పుడు నాటిన జామాయిల్ మొక్క మానైంది. 1980ల్లో ఆ మాను చుట్టూ కట్టిందే మొదటి రెస్టారెంటు. తర్వాత చోట్లు మారినా పేరు మాత్రం అదే ఉంచుకున్నారు.

లోపలికి వెళ్ళేవాళ్ళు ముందు చూసేది కోషర్ ధ్రువపత్రం. ఇజ్రాయెల్‌లో 1983 నాటి చట్టం ప్రకారం, అధికారం ఉన్న మతపెద్దల అనుమతి లేకుండా ఏ హోటలూ తనను తాను కోషర్ అని రాసుకోకూడదు. ఆ కాగితం వెనక చాలా చాకిరీ ఉంది. గిట్టలు చీలి, నెమరు వేసే జంతువునే తినాలి. పొలుసులు, రెక్కలు ఉన్న చేపనే తినాలి. కాబట్టి రొయ్యలకూ పీతలకూ చోటు లేదు. జంతువును శిక్షణ పొందిన మనిషి పదునైన కత్తితో, నియమం ప్రకారం కోయాలి. మాంసంలో నెత్తురు మిగలకూడదు గనక అరగంట నీళ్ళలో నానబెట్టి, గంటసేపు ఉప్పు పట్టించి, మళ్ళీ కడుగుతారు. ఆకుకూరల్లో పురుగు ఉందేమోనని ఒక్కో ఆకూ వెలుతురుకు పట్టి చూస్తారు. గుడ్డు పగలగొట్టాక లోపల నెత్తుటి చుక్క కనిపిస్తే పారబోస్తారు. ఇవన్నీ సరిగ్గా జరుగుతున్నాయా అని చూడటానికి మష్గీయఖ్ అనే పర్యవేక్షకుడు ఉంటాడు. వంటమనిషి ఎంత గొప్పవాడైనా ఈ విషయాల్లో ఆయన మాటే చెల్లాలి.

వీటన్నిటికీ మించిన నియమం ఇంకొకటి ఉంది. మేకపిల్లను దాని తల్లిపాలలో వండకూడదని నిర్గమకాండంలో రెండుచోట్ల, ద్వితీయోపదేశకాండంలో ఒకచోట ఉంది. దాన్ని ఆధారం చేసుకుని పాలనూ మాంసాన్నీ పూర్తిగా విడదీశారు యూదు పండితులు. రెండూ ఒకే కంచంలోనే కాదు, ఒకే వంటగిన్నెలో కూడా పడకూడదు. మాంసం తిన్న తర్వాత పాలు ముట్టడానికి చాలామంది ఆరు గంటలు ఆగుతారు. అందుకే కోషర్ హోటలంటే మాంసానిదైనా కావాలి, పాలదైనా కావాలి. యూకలిప్టస్ మాంసం వండే చోటు. అంటే ఆ వంటింట్లో వెన్న, మీగడ, పెరుగు, జున్ను ఉండవు.

ఖరీదైన భోజనం అనగానే పాశ్చాత్య దేశాల్లో చాలాకాలంగా ఫ్రెంచి పద్ధతినే గీటురాయిగా పెట్టుకున్నారు. ఆ పద్ధతి నిలబడిందే వెన్న మీద. అందువల్ల ఖరీదైన కోషర్ హోటళ్ళకు ఒక చిక్కు వచ్చిపడింది. న్యూయార్క్ థియేటర్ల పేటలో, పశ్చిమ 46వ వీధిలో 1995లో తెరిచిన 'లె మారే' ఫ్రెంచి తరహా కోషర్ స్టేక్‌హౌస్. ముందుభాగంలో మాంసం కొట్టు, వెనక భోజనాల గది. మంచి పేరు తెచ్చుకున్న చోటే. అయినా స్టేక్ మీద వెన్న ముద్ద కరగడం అక్కడ కుదరదు. వెనకభాగపు మాంసం విషయంలోనూ ఇబ్బందే. యాకోబు రాత్రంతా ఒక అజ్ఞాత మనిషితో పెనుగులాడి తుంటి దగ్గర దెబ్బతిన్నాడని ఆదికాండం చెబుతుంది. ఆ జ్ఞాపకంగా తొడనరం తినరు. దాన్నీ, నిషేధమున్న కొవ్వునూ తీసే పని చాలా కష్టం గనక అమెరికాలో కోషర్ వ్యాపారులు సాధారణంగా వెనకభాగం జోలికే పోరు. స్టేక్ ప్రియులు ఎంతో ఇష్టపడే మెత్తని టెండర్‌లాయిన్ ముక్క అందులోనే ఉంటుంది. ఒకరి వంటను తెచ్చుకుని, అందులో నిషేధమున్నవి తీసేసి, వాటి బదులు ఇంకేదో పెట్టినప్పుడు ఎంత నేర్పు చూపినా లోటు నాలుకకు తెలుస్తుందని నా అభిప్రాయం.

బస్సాన్ ఆ దారిన పోలేదు. ఆలివ్ నూనె, నువ్వుల ముద్ద, ఖర్జూరపు పాకం, దానిమ్మ రసం, చింతపండు, బాదం పాలు, కొండల్లో మొలిచే ఆకులు. ఆయన సరుకుల గది ఇది. ఇవన్నీ బాగ్దాద్ నుంచి జెరూసలేం దాకా ఇళ్ళల్లో వాడుకలో ఉన్నవే. వెన్న వేయని వంటకాలు ఆ నేలమీద వేల ఏళ్ళుగా ఉన్నాయి. ఆయన వాటిని ఏరి, వెలికితీసి, విందు స్థాయికి తెచ్చారు.

ఇక్కడ బాగా పేరుపడ్డ వంటకం అంజూరపండ్లది. పండు లోపల కోడిమాంసం కూరి, చింతపండు పులుసులో వండుతారు. పండు తీపి, పులుసు పులుపు, మాంసం ఉప్పదనం ఒకదాన్నొకటి మింగేయకుండా నోట్లో విడివిడిగా తెలుస్తాయి. చింతపండు రుచి ఇరాకీ యూదుల ఇళ్ళల్లో పాతదే. బస్రా రేవు మన పడమటి తీరంతో శతాబ్దాలు వ్యాపారం చేసింది. చింతపులుసుతో పెరిగిన మనకు ఆ వంటకం ఒక్క ముద్దతోనే పరిచయమైపోతుంది.

చిక్కటి సూపు ఒకటి ఉంది, జెరూసలేం ఆర్టిచోక్ అనే దుంపతో చేసేది. దానికి చిక్కదనం బాదం పాలది. మాంసం భోజనంలో తెల్లగా పాలలాంటిది కనిపిస్తే చూసేవాళ్ళు తప్పుగా అనుకుంటారు కదా! ఈ సందేహం కొత్తది కాదు. 16వ శతాబ్దంలో క్రాకోవ్ నగరపు పండితుడు మోషే ఇస్సెర్లెస్ దీనికి పరిష్కారం రాసిపెట్టారు. మాంసంతో బాదం పాలు వడ్డిస్తే, అవి పాలు కావని అందరికీ తెలిసేలా పక్కన నాలుగు బాదం గింజలు పెట్టమన్నారు. ఎంత అందమైన పరిష్కారం!

ఆకుల్లో ముఖ్యమైనది ఖుబేజా. వానలు పడగానే జెరూసలేం ఖాళీ స్థలాల్లో, గోడల పక్కన దానంతట అదే మొలుస్తుంది. మన గోంగూర, బెండ చేరిన కుటుంబానికే చెందిన మొక్క. 1948లో నగరం ముట్టడిలో చిక్కి తిండి సరుకులు అందనప్పుడు జనం దీన్ని కోసుకొచ్చి వండుకుని ప్రాణాలు నిలుపుకున్నారు. కరువుకాలపు ఆకును ఖరీదైన కంచంలోకి తేవడానికి ధైర్యం కావాలి. ఈ ఆకుల సంగతులు బస్సాన్ నేర్చుకున్నది శిబిరానికి పక్కనున్న బేత్ సఫాఫా అనే అరబ్బు ఊరి ఆడవాళ్ళ దగ్గర. ఆ మాట ఆయనే చెబుతారు.

మఖ్లూబా సంగతీ ఇలాంటిదే. అన్నం, కూరగాయలు, మాంసం గిన్నెలో పొరలుగా పేర్చి ఉడికించి, బల్ల దగ్గరికి తెచ్చి, అతిథుల ముందు చిన్న తంతు జరిపి, పళ్ళెంలోకి బోర్లిస్తారు. గిన్నె ఎత్తగానే అడుగున ఉన్న వంకాయ పైకి వచ్చి నిలుస్తుంది. ఇది పాలస్తీనా ఇళ్ళ వంటకం. దీన్ని కూడా, బస్సాన్ వంటకు పెట్టే 'బైబిల్ కాలపు భోజనం' అన్న ఒక్క పేరు కింద చుట్టేయడం నాకు నచ్చదు. పాలస్తీనా తల్లులకు దక్కాల్సిన పేరు వాళ్ళకే దక్కాలి. అక్కడ ఆకు కోసుకోవడంలో కూడా రాజకీయం ఉంది. జాతర్ అనే వాసన ఆకును కొండల్లో కోయడాన్ని 1977లో ఇజ్రాయెల్ నిషేధించింది. తరతరాలుగా కోసుకు తింటున్న అరబ్బు పల్లెలకు ఆ నిషేధం కంటగింపైంది.

ఒక్క విషయం ఒప్పుకోవాలి. పాలస్తీనా ఇళ్ళల్లో మఖ్లూబా పక్కన పెరుగు పెట్టుకుంటారు. ఇక్కడ పెట్టరు. ఆ లెక్కన మాంసాన్ని పెరుగులో ఊరబెట్టి చేసే మన హైదరాబాదు బిర్యానీకి కోషర్ వంటింట్లో చోటే లేదు. నియమం ఎక్కడా ఏమీ తీసుకోదని అనలేం. తీసుకోని చోట్లను వెతికి పట్టుకోవడంలోనే ఈ వంటింటి ప్రతిభ ఉంది.

ద్రాక్షసారా మీద కూడా నియమాలున్నాయి. మామూలుగా దాన్ని యూదులే పోయాలి, వేడిచేసినదైతే యూదులు కానివాళ్ళు పోసినా ఫరవాలేదు. తీపి వంటకాల్లో పాలుండవు. చివర్లో తాగే కాఫీలోనూ అంతే.

జెరూసలేం పశ్చిమ భాగంలోని హోటళ్ళలో దిగే తెలుగు యాత్రికులకు ఈ తేడా రోజూ తగులుతుంది. పొద్దున్న ఫలహారంలో పెరుగు, జున్ను రాశులుగా ఉంటాయి, మాంసం ఉండదు. రాత్రి కోడికూర ఉంటుంది, పెరుగన్నం కలుపుకుందామంటే గరిటెడు పెరుగు దొరకదు. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఈ యాత్రకు ఆర్థిక సాయం ఇస్తూ వచ్చింది. ఏటా వెళ్ళేవాళ్ళకు ఈ సంగతి ముందే చెప్పేవాళ్ళుంటే బాగుండును. మన శాకాహార వంటకు మాత్రం ఈ చిక్కు లేదు. న్యూయార్క్ లెక్సింగ్టన్ అవెన్యూలో మద్రాస్ మహల్, పొంగల్ వంటి దక్షిణాది శాకాహార హోటళ్ళు కోషర్ పత్రం తీసుకుని దోసెలు వేశాయి. మాంసమే లేని వంటింట్లో నెయ్యి ఎంత పోసినా అడ్డులేదు మరి.

2023 అక్టోబరు తర్వాత యుద్ధం వల్ల జెరూసలేంకు వచ్చే యాత్రికులు బాగా తగ్గిపోయారు. పరిస్థితి కుదుటపడ్డాక వెళ్ళేవాళ్ళు గుర్తుంచుకోవాల్సినవి కొన్ని. శుక్రవారం మధ్యాహ్నం నుంచి శనివారం రాత్రి దాకా విశ్రాంతి దినం గనక ఇలాంటి హోటళ్ళు మూసి ఉంటాయి. పస్కా పండగ రోజుల్లో కోషర్ హోటళ్ళలో పులిసిన రొట్టె దొరకదు. యూకలిప్టస్‌కు ముందే ఫోన్ చేసి బల్ల చెప్పుకోవాలి. ఖర్చు ఎక్కువే కాబట్టి నలుగురైదుగురు కలిసి వెళ్ళి, ఒక మఖ్లూబా, అంజూరపండ్ల వంటకం, దుంపల సూపు చెప్పి పంచుకుంటే జేబుకూ తేలిక, అన్నీ రుచి చూసినట్టూ ఉంటుంది. చలికాలం వెళితే మరీ మంచిది, ఖుబేజా దొరికేది అప్పుడే.