చెవికి తెలుగే.. కంటికే కరువు!

బళ్లారి అంగళ్ల ప్రకటనల్లో కనుమరుగవుతున్న మన అక్షరం

పండగ పది రోజులుందనగా బళ్లారి వీధుల్లోకి మైకు ఆటో వచ్చేస్తుంది. కౌల్‌బజార్ సందుల్లో, బ్రూస్‌పేటలో, బెంగళూరు రోడ్డులో నెమ్మదిగా తిరుగుతుంది. ముందు కన్నడంలో నాలుగు ముక్కలు. ఊపిరి పీల్చుకునేలోపు అదే గొంతు తెలుగులోకి మారిపోతుంది. ‘రాండక్కా రాండి.. ఒక చీర కొంటే ఇంకో చీర ఉచితం’ అంటూ ఊరిస్తుంది. వాకిట్లో నీళ్లు చల్లే ఇల్లాలు తలెత్తి వింటుంది. ఆటోలోంచి కుర్రాడు ఓ కరపత్రం చేతిలో పెడతాడు. అందులో ఒకవైపు కన్నడం, రెండోవైపు ఇంగ్లీషు. తెలుగు అక్షరం వెతికినా దొరకదు.

అదే అంగడి, అదే సరుకు, అదే గిరాకీ. చెవికి తెలుగు చాలు, కంటికి అక్కర్లేదని వ్యాపారి తేల్చేశాడు. ఇందులో ద్వేషమేమీ లేదు. అంగడిలో కూర్చుని రోజంతా తెలుగులో బేరమాడేవారే అచ్చు దగ్గరికొచ్చేసరికి తెలుగు వద్దంటున్నారు. ప్రకటన మీద పెట్టే ప్రతి రూపాయికీ ఫలితం చూసుకునే మనిషి వ్యాపారి. చదివేవాళ్లు ఉన్నారని తెలిస్తే అచ్చు వేయిస్తాడు. లేరనుకుంటే మానేస్తాడు. ఆయన లెక్కలో సరిహద్దు తెలుగువాడు ఎక్కడున్నాడన్నదే ఇప్పుడు అసలు ప్రశ్న.

ఒకే కుంచె.. రెండు లిపులు

బళ్లారికి రెండు భాషలూ సొంతమే. తెలుగు, కన్నడ, ఇంగ్లీషు నాటకాల్లో వేషం కట్టిన బళ్లారి రాఘవ (1880-1946) తిరిగిన ఊరిది. ఆంధ్ర రాష్ట్రం ఏర్పడిన 1953 అక్టోబరు 1న అప్పటి బళ్లారి జిల్లా రెండుగా చీలింది. ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు ఆంధ్రలో ఉండిపోయాయి. బళ్లారి మైసూరు రాష్ట్రంలో కలిసింది. గీత మారినా చుట్టరికాలు మారలేదు, బేరాలూ మారలేదు. ఆలూరు నుంచి పెళ్లి బట్టలకు బళ్లారి రావడం, బళ్లారి పిల్లను ఆదోనికి ఇవ్వడం మామూలే.

ఆ రోజుల్లో ప్రకటన అంటే గోడే. పెయింటరు గోడకు సున్నం కొట్టి, దారం పట్టి గీత గీసి, రంగు డబ్బా పక్కన పెట్టుకుని కూర్చునేవాడు. తెలుగు, కన్నడ లిపులు అక్కాచెల్లెళ్లు. తలకట్టు తీరు కాస్త మారిస్తే చాలా అక్షరాలు అటువి ఇటు వచ్చేస్తాయి. రెండు లిపులూ చేతికి వచ్చిన పెయింటరుకు రెండో భాషలో రాయడం పెద్ద పని కాదు. సబ్బు, బీడీ, ఎరువుల ప్రకటనలు రెండు భాషల్లోనూ పక్కపక్కనే కనిపించేవి.

తర్వాత ఫ్లెక్సీ వచ్చింది. గంటలో తయారు, ధర తక్కువ, రంగులు ఎక్కువ. కుంచె పట్టినవాళ్ల పని పోయింది. కానీ ఫ్లెక్సీకి అక్షరం చేత్తో రాయరు, టైపు చేస్తారు. డీటీపీలో కన్నడానికి నుడి, బరహ వంటి సాఫ్ట్‌వేర్లు, తెలుగుకు అనూ ఫాంట్లు అలవాటు. రెండు కీబోర్డులూ వచ్చిన ఆపరేటరు దొరకడం కష్టం. తెలుగు కావాలంటే ఇంకొకరి చేత టైపు చేయించాలి, తప్పులు దిద్దించాలి. ఇంత హడావుడి ఎందుకని కన్నడం కింద ఇంగ్లీషు పెట్టేస్తారు. పని అయిపోతుంది. తెలుగును ఎవరూ తీసేయలేదు. టైపు చేసేవాళ్లు లేక అదే జారిపోయింది.

ఆ ఫ్లెక్సీకీ కట్టడి వచ్చింది. ప్లాస్టిక్ సంచులతో పాటు ఫ్లెక్సీలు, బ్యానర్లను కర్ణాటక 2016లోనే నిషేధించింది. 100 మైక్రాన్ల కన్నా పలచని పీవీసీ బ్యానర్లపై దేశమంతటా 2022 జులై 1 నుంచి నిషేధం ఉంది. ఇక అంగళ్ల పేరు బోర్డుల్లో 60 శాతం కన్నడం ఉండాలని, అదీ పైభాగంలో ఉండాలని 2024లో కర్ణాటక చట్టం సవరించింది. రాష్ట్ర భాషకు పెద్దపీట వేయడం ఆ రాష్ట్రం హక్కు. దాన్ని తప్పుపట్టాల్సిన పని లేదు. మిగిలిన 40 శాతంలో ఏ భాష పెట్టుకోవాలన్నది అంగడివారి ఇష్టం. అక్కడ చాలామందికి మొదట గుర్తొచ్చేది ఇంగ్లీషే. తెలుగుకు చోటు లేకుండా చేసింది చట్టం కాదు, అలవాటు!

సినిమా స్లైడు నుంచి డబ్బింగు దాకా

కొంచెం వయసున్నవారికి సినిమా హాలు స్లైడు గుర్తుండే ఉంటుంది. ఇంటర్వెల్ గంట మోగగానే తెర మీద గాజు స్లైడు పడేది. పాత్రల అంగడి, కళ్లద్దాల షాపు, టైలరు.. ఊరి వ్యాపారమంతా అక్కడే. తెలుగు సినిమాకు వచ్చినవాళ్లకు తెలుగు చదవడం వస్తుందన్న ధీమాతో తెలుగులోనూ వేయించేవారు. డిజిటల్ ప్రొజెక్టర్లు వచ్చాక ఆ స్లైడు పెట్టె మూలన పడింది. ఇప్పుడు పెద్ద కంపెనీల వీడియోలు తెర మీదికి వస్తున్నాయి. ఊళ్లోని టైలరు ఆ ఖర్చు భరించలేడు.

సినిమా పోస్టరూ మారింది. కర్ణాటకలో డబ్బింగు సినిమాలకు దశాబ్దాల పాటు అడ్డంకులుండేవి. ఆ అడ్డంకులను కాంపిటీషన్ కమిషన్ 2015లో తప్పుపట్టింది. ఆ తర్వాత దారి తెరుచుకుంది. 2019లో ‘సైరా నరసింహారెడ్డి’, 2022లో ‘ఆర్‌ఆర్‌ఆర్’ కన్నడంలోనూ విడుదలయ్యాయి. కన్నడ ప్రేక్షకులకు ఇది మంచిదే. అయితే తెలుగు సినిమా పేరును తెలుగు అక్షరాల్లో గోడ మీద చూసి కూడబలుక్కుంటూ చదివే అవకాశం ఇక్కడి పిల్లలకు తగ్గింది. బడిలో తెలుగు లేనివాళ్లకు ఆ పోస్టరే ఓనమాలు.

రేటింగు లెక్కలో ఊరే లేదు

టీవీ సంగతి మరీ విచిత్రం. 1995లో ఈటీవీ, జెమినీ వచ్చాక సరిహద్దు ఊళ్లలో సాయంత్రాలు మారిపోయాయి. కేబులాయన నెలకు ఇంత అని తీసుకుని అన్ని భాషల ఛానళ్లూ ఇచ్చేసేవాడు. స్థానిక కేబుల్ ఛానల్లో తెలుగు పాట కింద అంగడి పేరు అక్షరాల పట్టీగా పరుగెత్తేది. చిన్న వ్యాపారికి చవకైన ప్రకటన అది.

2019లో ట్రాయ్ కొత్త విధానం అమల్లోకి వచ్చింది. అప్పట్లో 100 ఛానళ్ల వరకు నెట్‌వర్క్ రుసుం 130 రూపాయలుగా ఉండేది, పన్ను అదనం. పే ఛానళ్లను ఎవరికి కావాల్సినవి వారు ఎంచుకుని, ధర చెల్లించాలి. కర్ణాటకలో ప్యాకేజీ అంటే ముందు కన్నడమే కదా. తెలుగు కావాలంటే అడిగి వేయించుకోవాలి, దానికి వేరే డబ్బు. ఇంట్లో పెద్దావిడ సీరియల్ కోసం పట్టుబడితే తెలుగు ఉంటుంది. లేదంటే పోతుంది.

డబ్బు కట్టి చూసినా లెక్కలోకి వస్తారా అంటే అదీ అనుమానమే. టీవీ ప్రకటనలకు ఆధారం బార్క్ రేటింగు. వారంవారం వెల్లడయ్యే తెలుగు ఛానళ్ల జాబితా ఆంధ్రప్రదేశ్, తెలంగాణ మార్కెట్‌ది. బళ్లారి ఇల్లు కర్ణాటక మార్కెట్‌లోకి వెళుతుంది, హోసూరు ఇల్లు తమిళనాడులోకి, బరంపురం ఇల్లు ఒడిశాలోకి. అంటే తెలుగు ఛానల్లో ప్రకటన కొనే కంపెనీ ముందున్న కాగితంలో సరిహద్దు తెలుగువాడు కనిపించడు. 2011 జనాభా లెక్కల్లో తెలుగు మాతృభాషగా చెప్పినవారు ఒక్క కర్ణాటకలోనే 35 లక్షలకు పైగా ఉన్నారు. ఇంతమంది ఉండీ ప్రకటనల మార్కెట్‌లో లేనట్టే!

మీ ఫోను ఏ భాషలో ఉంది?

2016 సెప్టెంబరులో జియో వచ్చాక డేటా చవకైంది. అందరి చేతిలోకీ ఫోను వచ్చేసింది. మీడియా, వినోద రంగంలో డిజిటల్ 2024లో తొలిసారి టీవీని దాటిందని ఫిక్కీ-ఈవై నివేదిక తేల్చింది. బళ్లారి అంగడివారూ అటే నడుస్తున్నారు. కొత్త చీరలొస్తే వాట్సప్ స్టేటస్‌లో ఫొటో, ఇన్‌స్టాలో రీల్. గోడకు పెట్టే ఖర్చు లేదు, గోడ యజమానిని బతిమాలే పనీ లేదు.

ఫోనులో ప్రకటన ఎవరికి చూపాలో ముందే ఎంచుకోవచ్చు. ఏ ఊరు, ఎన్ని కిలోమీటర్ల లోపల, ఏ వయసు, ఏ భాష.. అన్నీ అడుగుతుంది. ఇక్కడే ఉంది మెలిక. మనిషి ఏ భాషవాడో యంత్రానికి తెలియదు. ఫోను సెట్టింగులు, వెతికే మాటలు, చూసే వీడియోలు బట్టి అంచనా వేసుకుంటుంది. సరిహద్దులో చాలామంది ఫోను ఇంగ్లీషులోనే ఉంటుంది. మెసేజీ పెట్టాలన్నా తెలుగు మాటను ఇంగ్లీషు అక్షరాల్లోనే కొడతారు. దాంతో ఇంట్లో తెలుగు, అంగట్లో తెలుగు, ఫోనులో మాత్రం ఇంగ్లీషు! తెలుగు పాట చూస్తుంటే మధ్యలో కన్నడ ప్రకటన రావడం ఇక్కడ అందరూ చూస్తున్నదే. ఊరిని బట్టి వచ్చే ప్రకటన అది.

అంగడివారు పెట్టే రీల్‌లో మాత్రం మళ్లీ తెలుగే వినిపిస్తుంది. చీర చూపించే అమ్మాయి కన్నడంలో మొదలుపెట్టి ‘ఈ కలర్ చూడండక్కా’ అని తెలుగులోకి వస్తుంది. కింద ధర, చిరునామా, వివరాలన్నీ ఇంగ్లీషు అక్షరాలే. మైకు ఆటో దగ్గర చూసిందే ఇక్కడా. మాట బతికింది, రాత పోయింది.

పేజీని మోసేది ప్రకటనే

రాత పోతే ఏమవుతుందిలే, మాట ఉంది కదా అనుకోవచ్చు. అక్కడే అసలు చిక్కు ఉంది.

పత్రిక వెల దాని ఖర్చుకు చాలదు. కాగితం, అచ్చు, రవాణా భారంలో పెద్ద వాటా ప్రకటనలే మోస్తాయి. 1989లో ‘ఈనాడు’ జిల్లా అనుబంధాలు మొదలుపెట్టినప్పుడు చిన్న వ్యాపారికి కొత్త దారి దొరికింది. రాష్ట్రమంతటికీ వెళ్లే పేజీలో ప్రకటన వేసే స్తోమత లేని అంగడివాడు తన జిల్లా పేజీలో తక్కువ ధరకు వేసుకోగలిగాడు. అంగడి డబ్బుతో ఊరి వార్తకు చోటు వచ్చింది. మిగతా పత్రికలూ అదే బాట పట్టాయి. సరిహద్దు పేజీ నడక కూడా అదే. ఉగాది, ఆగస్టు 15, జనవరి 26 వచ్చాయంటే విలేకరి వార్తలతో పాటు శుభాకాంక్షల ప్రకటనల కోసమూ తిరుగుతాడు. 2020లో లాక్‌డౌన్‌కు ప్రకటనలు ఆగిపోయినప్పుడు దేశవ్యాప్తంగా ఎన్నో పత్రికలు పేజీలు కుదించుకున్నాయి. ప్రకటన ఆగితే వార్తకు చోటు ఎలా తగ్గిపోతుందో అప్పుడు అందరికీ తెలిసొచ్చింది.

సరిహద్దు పేజీ తగ్గితే పోయేది ఒక్క ప్రకటన కాదు. ఊళ్లో తెలుగు సంఘం ఉగాది కవి సమ్మేళనం, బళ్లారిలో పోయిన పెద్దాయన గురించి గుంతకల్లు చుట్టాలకు తెలిపే శ్రద్ధాంజలి, పిల్లల చదువుకు అల్పసంఖ్యాక భాషల కోటా ఉందా లేదా అన్న సమాచారం.. వీటికి బెంగళూరు పత్రికలో చోటుండదు, హైదరాబాద్ పేజీలోనూ ఉండదు. ప్రకటన మానేసిన అంగడికీ, వార్తలు తగ్గిన పేజీకీ మధ్య తెగని దారం ఉంది.

మరో కోణమూ ఉంది. ఏ రేటింగులోనూ కనిపించని సరిహద్దు తెలుగువాడు పత్రిక దగ్గర మాత్రం లెక్కలోకి వస్తాడు. తెల్లారి ఏజెంటు కట్ట విప్పి వేసే ఒక్కో తెలుగు పేపరూ ఒక ఇల్లు. ఆ సంఖ్య చూపించే వ్యాపారిని ప్రకటన అడగగలరు. ఇంకో చోట అలాంటి ఆధారం లేదు.

తాత చదువుతాడు.. మనవడు వింటాడు

అయితే ఆ పేపరును ఇంట్లో ఎవరు చదువుతున్నారు? తాత పొద్దున్నే కళ్లద్దాలు పెట్టుకుని మొదటి పేజీ నుంచి చివరిదాకా చదువుతాడు. కొడుకు ఫోనులో శీర్షికలు చూస్తాడు. మనవడికి బడిలో కన్నడం, ఇంగ్లీషు. తెలుగు గడగడా మాట్లాడతాడు, చదవమంటే బిక్కమొహం వేస్తాడు. వ్యాపారి దృష్టి ఆ మనవడి మీదే. రేపటి కొనుగోలుదారు అతనే కాబట్టి.

ఆశ లేకపోలేదు. కన్నడం చదవగలిగిన పిల్లవాడికి తెలుగు లిపి కొండేమీ కాదు. రెంటికీ తేడా ఉన్న అక్షరాలు కాసిన్ని నేర్పితే మిగతావి వాడే పోల్చుకుంటాడు. సెలవుల్లో తాత పక్కన కూర్చుని రోజుకో శీర్షిక చదివితే చాలు. పెయింటరు చేతికి వచ్చిన రెండు లిపులు పిల్లవాడి కంటికి రావా!

ఇక పెద్దవాళ్ల చేతిలో ఉన్నవి మూడు పనులు. ఒకటి, ఫోనులో భాష తెలుగుకు మార్చుకోవడం. మొదట్లో వింతగా ఉంటుంది, తర్వాత అలవాటైపోతుంది. రెండు, అంగడి పెట్టినవారు కరపత్రం అచ్చు వేయించేటప్పుడు కన్నడం కింద రెండు వరుసలు తెలుగుకు ఇవ్వమనడం. చట్టం అడ్డు చెప్పదు, ఖర్చూ పెద్దగా పెరగదు. మూడోది అన్నింటికన్నా తేలిక. వ్యాపారులకు పాత చిట్కా ఒకటుంది. ‘ఈ ప్రకటన కత్తిరించి తెచ్చినవారికి తగ్గింపు’ అని వేయిస్తారు. తగ్గింపు పేరుకే. ఎన్ని ముక్కలు తిరిగొచ్చాయో లెక్కపెట్టి, ఏ పత్రికలో వేస్తే గిరాకీ వచ్చిందో చూసుకోవడమే దాని ఉద్దేశం.

కత్తిరింపు లేకపోయినా ఫర్వాలేదు. ఈ పండక్కి చీర కొన్నాక, డబ్బు కట్టే చోట ‘ఎక్కడ చూసి వచ్చారక్కా’ అని అంగడివారు అడుగుతారు. చాలామంది నవ్వేసి ఊరుకుంటారు. తెలుగులో చూసి ఉంటే ఆ మాట నోరు తెరిచి చెప్పాలి. వ్యాపారి అది మరిచిపోడు. వచ్చే పండక్కి కరపత్రం అచ్చుకు ఇచ్చేటప్పుడు గుర్తుపెట్టుకుంటాడు.