ఎవరికి జవాబుదారి?
దత్తమండలముల మన్రో, ఇల్లూరి సంజీవరెడ్డి

గుత్తికోట కొండక్రింద పాత ఆంగ్లేయుల శ్మశానవాటిక యొకటి కలదు. 1827 జూలైలో మదరాసు గవర్నరు సర్ థామస్ మన్రోను మొదట పూడ్చినది అచ్చటనే. కొన్నియేండ్లకు ఆతని అస్థులను చెన్నపట్టణపు కోటలోని సెంట్ మేరీ దేవాలయమునకు తరలించిరి. అదే అనంతపురము జిల్లాలో, ఇల్లూరు గ్రామమున, 1913 మే 19న నీలం సంజీవరెడ్డిగారు జన్మించిరి. ఒకడు పరదేశపు కంపెనీ పటాలములో కేడెటుగా చేరి గవర్నరైనవాడు. మరియొకరు కళాశాల చదువు విడిచి, చెరసాలలు చూచి, సర్వసైన్యములకు అధిపతియైన రాష్ట్రపతిపదవి నలంకరించినవారు. ఈ యిరువురిని స్తుతించుట మా యుద్దేశము కాదు. పెద్ద యధికారి చేసిన పని తప్పని తేలినప్పుడు ఎవరికి సమాధానము చెప్పుకొనవలెను? ఎన్నాళ్లకు చెప్పుకొనవలెను? వాన కురియని ఈ మెట్టసీమలో ఈ ప్రశ్న కేవలము చర్చాగోష్ఠులకు సంబంధించినది కాదు. రైతు గాదెకు సంబంధించినది.

1800 సంవత్సరమున నైజాము తనయొద్ద నుంచిన సైన్యపు ఖర్చుక్రింద బళ్లారి, అనంతపురము, కడప ప్రాంతములను, కర్నూలు సీమలో కొంతభాగమును కంపెనీకి ధారవోసెను. ప్రజల నడిగినవారు లేరు. ఈ దత్తమండలములకు ప్రధాన కలెక్టరుగా వచ్చిన మన్రో సివిలు ఉద్యోగి కాడు, సైనికుడు. 1780లో మదరాసు చేరి, హైదరుతోను టిప్పుతోను జరిగిన యుద్ధములలో పనిచేసి, బారామహలులో రీడు దొరక్రింద శిస్తు లెక్కలు నేర్చి, కన్నడజిల్లాలో కొంతకాలముండి యిచ్చటికి వచ్చినవాడు. ఆతడు అడుగిడునాటికి ఈ సీమలో ఎనుబదిమంది పాలెగాండ్రు సాయుధులై యుండిరి. వారి నణచుటకు కంపెనీ సేనలు ఆతని చెంతనే యుండెను. కత్తియు కలమును ఒకే చేతిలో నుండినవని చెప్పుట అతిశయోక్తి కాదు. పాలెగాండ్రయెడ ఆతడు చూపిన కాఠిన్యమును లండనులోని డైరెక్టర్లే ఆక్షేపించిరి. కాని ఆ యాక్షేపణ సముద్రము దాటి వచ్చులోపల పాళెములు పోయినవి.

ఇక శిస్తు మాట. 1802 మొదలు 1806 వరకు పొలము పొలము కొలిపించి, మన్రో రైతువారీ తీర్వలు కట్టించెను. అనంతపురము కేంద్రముగా, ఏడాదిలో ఎక్కువకాలము డేరాలలోనే తిరుగుచు, రెడ్లను కరణములను రైతులను ఎదుట నిలుపుకొని జమాబందీ చేసెడివాడు. ఏడేండ్లలో భూమిశిస్తు ఇంచుమించు సగము పెరిగెను. కంపెనీ సంతోషించెను. సంతోషింపనివాడు మన్రోయే యని చెప్పవలెను. 1807లో ఇంగ్లండునకు వెడలుటకు ముందు ఆతడు వ్రాసిన నివేదికలో, పంటలో నూటికి నలుబదియైదు వంతులు సర్కారునకు పోవుచున్నవనియు, మూడవవంతు మించి తీసినయెడల భూమి నిలువదనియు, కావున శిస్తులో నూటికి ఇరువదియైదు తగ్గింపవలసినదనియు స్పష్టముగా చెప్పెను. తాను కట్టిన శిస్తు తానే హెచ్చని వ్రాసిన కలెక్టరు అరుదు. ఈ యొక్క నిజాయితీకై ఆతనికి నమస్కరింపవచ్చును.

కాని జరిగినదేమి? మదరాసు వారికి డబ్బు కావలసియుండెను. తగ్గింపు త్రోసివేయబడినది. రైతువారీని కూడ ఎత్తివేసి, గ్రామములను మూడేండ్లకును తరువాత పదేండ్లకును గుత్తకిచ్చిరి. గుత్తదారులు రైతులను పిండిరి. కాలము కలిసిరాక తామును చెడిరి. మన్రో ఈలోపల స్వదేశమున కొన్నియేండ్లుండి, 1814లో న్యాయవిచారణ సంస్కరణలకై మరల వచ్చి, 1817-18లో మహారాష్ట్ర యుద్ధమున సేనానియై కోటలు పట్టి, 1820లో గవర్నరయ్యెను. అప్పుడుగదా ఆ పాతికవంతు తగ్గింపు అమలునకు వచ్చినది! పదుమూడేండ్లు. సకాలమున వాన పడని సీమలో పదుమూడు పంటకాలములు ఎంతటివో ఈ పత్రిక చదువు భూస్వాములకు మేము చెప్పనక్కరలేదు. ఒక్కడు బ్రదికియుండి, తిరిగివచ్చి, గవర్నరు కావలసివచ్చినది. లేనియెడల ఆ నివేదిక మదరాసు కచేరీలో చెదపట్టియుండెడిది.

మన్రో గవర్నరుగిరీనుండి విడుదల కోరియు, బర్మాయుద్ధమువలన నిలిచిపోయెను. చివరకు తన పాత మండలములను ఒకసారి చూచి పోవలెనని బయలుదేరి, పత్తికొండలో వాంతిభేదితో 1827 జూలై 6న మృతినొందెను. జనులు ఆతనిని మరువలేదు. బిడ్డలకు మన్రోలప్ప యని పేరు పెట్టినవారును కలరు. ఆ ప్రేమ నిజమైనది. అయినను ప్రేమ వేరు, జవాబుదారీ వేరు. ఆతడు సమాధానము చెప్పుకొన్నది రెవిన్యూబోర్డునకును లండనునకును. రైతునకు చెప్పిన సమాధానము ఆతని మంచితనముమీద ఆధారపడినది.

దత్తమండలమను పేరు ఈ గడ్డకు శతాబ్దమునకు పైగా అంటుకొనియుండెను. అనంతపురములో 1916లో వెలసిన కళాశాలయు దత్తమండల కళాశాలయే. ఆ కళాశాలలో పనిచేసిన చిలుకూరి నారాయణరావు పంతులుగారు 1928 నవంబరులో నంద్యాలలో జరిగిన సభలో రాయలసీమ యను పేరు సూచించిరి. దానమైనవారమను అవమానము ఆ నాటితో మాటలోనైన తీరినది. ఆ కళాశాలలోనే చదివి, 1929లో గాంధీమహాత్ముని రాకతో ప్రేరితులై, 1931లో చదువు చాలించినవారు సంజీవరెడ్డిగారు. 1940 మొదలు 1945 వరకు ఎక్కువకాలము కారాగారమే. అటుపిమ్మట శాసనసభ, రాజ్యాంగసభ, మదరాసున మంత్రిత్వము, 1953లో ప్రకాశము పంతులుగారి క్రింద ఉపముఖ్యమంత్రిత్వము, 1956 నవంబరు 1న ఆంధ్రప్రదేశ్‌ ప్రథమ ముఖ్యమంత్రిత్వము.

పదవుల జాబితా పెంచుటకంటె 1964ను చూతము. కర్నూలు జిల్లాలో బస్సుమార్గములను జాతీయముచేయు పథకమును సుప్రీముకోర్టు ఆ సంవత్సరము జనవరిలో కొట్టివేసెను. రాజకీయ ప్రత్యర్థులకు నష్టము కలుగవలెనను దురుద్దేశముతో ముఖ్యమంత్రి ఆ మార్గములను ఎంపికచేయించెనని బస్సుల యజమానుల ఆరోపణ. దానిని ఖండించుచు ముఖ్యమంత్రి స్వయముగ ప్రమాణపత్రము దాఖలుచేయలేదని కోర్టు గమనించి, దానినిబట్టియే తీర్పు చెప్పినది. పదవి విడువుమని కోర్టు ఆదేశింపలేదు. శాసనసభలో బలము తగ్గలేదు. అయినను ఫిబ్రవరిలో ఆయన రాజీనామా యిచ్చిరి. ఆ ప్రమాణపత్రము దాఖలు చేయకపోవుట పొరపాటని మా యభిప్రాయము; అధికారి మౌనము ఎప్పుడును మంచి సాక్ష్యము కాదు. కాని మన్రోకాలమున పదుమూడేండ్లు పట్టిన పని ఇచ్చట నెలలోపల ముగిసెను. తీర్పు చెప్పినది సముద్రము కావలివారు కారు. ఫిర్యాదుచేసినవారు సామాన్య బస్సుల యజమానులు.

1967లో లోకసభాధ్యక్షులైనప్పుడు ఆయన కాంగ్రెసు సభ్యత్వమునే విడిచిరి. 1969లో రాష్ట్రపతి యెన్నికలో గిరిగారిచే ఓడి అనంతపురము వచ్చి సేద్యము చేసికొనిరి. 1977లో నంద్యాలనుండి గెలిచిరి. ఆ యేడు ఆంధ్రప్రదేశ్‌లో జనతాపక్షమునకు దక్కిన స్థానము అదియొక్కటే. మరల సభాధ్యక్షులై, జూలైలో పోటీలేకుండ రాష్ట్రపతియైరి. సేనాధికారము రాజ్యాంగము ప్రకారము ఆయనదే. కాని మంత్రివర్గము సలహా లేక ఒక్క పటాలమునైన కదల్చు స్వేచ్ఛ ఆయనకు లేదు. కలెక్టరు చెంతనే సేన నిలిచిన 1800కును దీనికిని గల దూరమును పాఠకులు గ్రహింతురుగాక.

రాష్ట్రపతి స్వయముగ నిర్ణయింపవలసిన ఘడియ 1979లో వచ్చినది. జూలైలో మురార్జీదేశాయిగారు రాజీనామా యిచ్చిరి. చరణసింగుగారు ప్రధానియై, సభ నెదుర్కొనకయే ఆగస్టు 20న తప్పుకొనిరి. జగజీవనరాముగారికి అవకాశమీయక, 22న రాష్ట్రపతి లోకసభను రద్దుచేసిరి. ఇది న్యాయమా యని అప్పుడు పెద్ద కలకలము చెలరేగినది. ఏ కోర్టును ఈ నిర్ణయమును తప్పని తేల్చలేదు. అయినను కనీసము పిలిచి బలము చూపుమని యడిగియుండవలసినదని మేము తలంతుము. 1964లో తీర్పునకు తలవంచినవారు 1979లో ఆ యొక్క ప్రశ్నకు దేశము తృప్తిపడునట్లు సమాధానము చెప్పలేదు. పదిసంవత్సరముల తరువాత తన జ్ఞాపకముల గ్రంథమును ప్రకటించిరి. సభ అప్పటికే పోయియుండెను.

1982 జూలై 25న పదవీకాలము ముగిసినది. ఢిల్లీ విడిచి రెడ్డిగారు అనంతపురము చేరిరి. అది ఈ మెట్టపొలములలో వేరుసెనగ విత్తుకాలము.