సైకిలుపై ఒక ఆదివారం: ముషీరాబాద్ నుండి తార్నాక దాకా

గత శీతకాలంలో ఒక రాత్రి మా చిన్నబ్బాయి తన ఫోనులో ఒక దృశ్యాన్ని మాకు చూపించాడు. జపాన్‌లో ఒనొమిచి పట్టణం నుండి ఇమబరి పట్టణం దాకా, చిన్న చిన్న ద్వీపాలను కలిపే వంతెనల మీదుగా సాగే సైకిలు దారి అది. పేరు షిమనామి కైడో. నిడివి సుమారు 70 కిలోమీటర్లు. బాటసారి దారి తప్పకుండా రోడ్డు అంచున నీలిరంగు గీత గీసి ఉంది. ఒకవైపు సముద్రం, మరొకవైపు నారింజ తోటలు, నడుమ నెమ్మదిగా సాగిపోతున్న సైకిళ్ళు. ఎవరి ముఖంలోనూ తొందర లేదు.

“ఇలా ఒక్కరోజు తిరిగితే ఎంత బాగుంటుంది అబ్బా!” అన్నాడు.

వెంటనే జవాబు చెప్పలేకపోయాము. అందుకు కారణం జపాన్ కాదు. దాదాపు ఏడాది కాలంలో అతను తనంతట తానుగా మాతో పంచుకున్న మొదటి కోరిక అది.

మూడు దశాబ్దాలుగా మేము మదరసాలో అరబీ వ్యాకరణం, హదీసు బోధిస్తున్నాము. హిఫ్జ్ పూర్తిచేసిన ఈ అబ్బాయి మా తరువాత అదే చాప మీద కూర్చుంటాడని ఆశించాము. అతను మాత్రం భూగర్భశాస్త్రం చదువుతానన్నాడు. మేము వద్దనలేదు, మనస్ఫూర్తిగా సరే అనను కూడా లేదు. ఆనాటి నుండి ఇంట్లో సలాములు, భోజనాలు యథావిధిగా సాగుతున్నా, మా ఇద్దరి మధ్య మాటలు తరిగిపోయాయి.

“జపాన్ సంగతి తరువాత చూద్దాం బేటా. వచ్చే ఆదివారం తార్నాక దాకా వెళ్దామా?” అని అడిగాము. మధుమేహం ఉంది కనుక రోజూ కొంత వ్యాయామం చేయమని వైద్యులు నాలుగేళ్ళుగా చెబుతున్నారు. దానిని వాయిదా వేయడంలో మేము ఎంతో నేర్పు సంపాదించాము. ఆ నేర్పుకు ఆ రోజుతో స్వస్తి చెప్పాలనుకున్నాము.

మెట్ల కింద దుమ్ము పట్టి ఉన్న మా పాత సైకిలును అబ్బాయే బయటికి తీశాడు. గొలుసుకు నూనె వేశాడు, చక్రాలలో గాలి నింపాడు, బ్రేకులు బిగించాడు. సీటును కొంచెం పైకెత్తి, “పెడలు కిందికి వచ్చినప్పుడు మోకాలు కాస్త మాత్రమే వంగి ఉండాలి అబ్బా, లేకుంటే నొప్పి వస్తుంది” అన్నాడు. చిన్నతనంలో గంట లెక్కన అద్దెకు తెచ్చి, ఊచ కింద నుండి కాలు దూర్చి ‘కైంచీ’ తొక్కిన మాకు ఈ పాఠం కొత్తది. విద్యార్థిగా నిలబడి విన్నాము.

ఆదివారం ఫజ్ర్ నమాజు ముగించుకొని బయలుదేరాము. ముషీరాబాద్ చేపల మార్కెట్టు దగ్గర అప్పటికే జనం కిటకిటలాడుతున్నారు. అక్కడ దిగి సైకిళ్ళను నడిపించుకుంటూ దాటాము. రామ్‌నగర్, విద్యానగర్ దాటి ఎన్‌సీసీ ద్వారం గుండా ఉస్మానియా విశ్వవిద్యాలయంలో అడుగుపెట్టగానే నగరం ఒక్కసారిగా వెనక్కి తగ్గినట్లయింది. చెట్ల నీడ, నడకకు వచ్చిన వృద్ధులు, పోటీ పరీక్షల పుస్తకాలతో రాతి అరుగుల మీద కూర్చున్న యువకులు. ఈ రోడ్డున బస్సులో ఎన్ని వందల సార్లు వెళ్ళామో లెక్క లేదు. ఇక్కడి నేల ఇంతగా ఎగుడుదిగుడుగా ఉంటుందని మాత్రం ఆ రోజు మా కాళ్ళు చెబితేనే తెలిసింది.

ఆర్ట్స్ కళాశాల ఎదుట సైకిళ్ళు నిలిపి మెట్ల మీద కూర్చున్నాము. “నీ జపాన్‌కూ ఈ ఆవరణకూ సంబంధం ఉంది, తెలుసా?” అన్నాము. అబ్బాయి ఆశ్చర్యంగా చూశాడు.

ఏడవ నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ 1918లో ఈ విశ్వవిద్యాలయాన్ని స్థాపించినప్పుడు ఉర్దూను బోధనా భాషగా నిర్ణయించారు. అంతకు ముందే, 1917లో, శాస్త్ర గ్రంథాల అనువాదం కోసం దారుల్ తర్జుమా ఏర్పడింది. స్వదేశీ భాషలో ఆధునిక శాస్త్రాలు బోధించడం సాధ్యమేనా అన్నది ఆనాటి పెద్ద ప్రశ్న. హైదరాబాద్ రాజ్య విద్యాశాఖ అధిపతి, సర్ సయ్యద్ అహ్మద్ ఖాన్ మనవడు అయిన సయ్యద్ రాస్ మసూద్ 1922లో జపాన్ వెళ్ళి, అక్కడివారు తమ భాషలోనే ఆధునిక విద్యను ఎలా నిర్మించుకున్నారో స్వయంగా పరిశీలించి వచ్చారు. ఆ దేశపు విద్యావిధానంపై ఆయన రాసిన గ్రంథం మరుసటి సంవత్సరం వెలువడింది.

“మీ శాస్త్రాన్ని అప్పుడు ఇక్కడ ఏమని పిలిచేవారు అబ్బా?” అని అడిగాడు.

“అర్జియాత్. అర్జ్ అంటే నేల. అరబీ నుండి వచ్చిన మాట. అల్లాహ్ గ్రంథంలో నువ్వు ఎన్నిసార్లు చదివావో ఆ మాట” అన్నాము. ‘మీ శాస్త్రం’ అని అతను అన్న తీరు మాత్రం మా చెవిలో ఉండిపోయింది. తన శాస్త్రాన్ని అతను మాదిగా కూడా చేసి అడిగాడు.

తరువాత బోధించే వంతు అతనిది. లేచి వెళ్ళి గోడ రాయి మీద చేయి ఉంచాడు. ఈ భవనానికి 1934 జూలై 5న పునాది పడింది, 1939 డిసెంబరు 4న ప్రారంభోత్సవం జరిగింది. బెల్జియం దేశపు వాస్తుశిల్పి ఎర్నెస్ట్ జాస్పర్ దీనికి రూపకల్పన చేశాడు. ఇంతవరకు మాకూ తెలుసు. “ఈ రాయి వయసు తెలుసా అబ్బా? సుమారు 250 కోట్ల సంవత్సరాలు. భూమి లోతుల్లో కరిగిన శిల నెమ్మదిగా చల్లబడి గట్టిపడింది. నెమ్మదిగా చల్లబడింది కాబట్టే పలుకులు ఇంత పెద్దవిగా కనిపిస్తాయి. ఈ గులాబి రంగు ఫెల్డ్‌స్పార్ అనే ఖనిజానిది” అన్నాడు. మేమూ చేయి ఉంచాము. ఎండ పడని ఆ గోడ చల్లగా ఉంది. సృష్టిని చూసి ఆలోచించమని తరగతిలో ఎన్నో ఏళ్ళుగా చెబుతున్నాము. ఒక రాయిని ఇంత శ్రద్ధగా చూడమని మాకు ఎవరూ చెప్పలేదు, మేమూ అడగలేదు.

అక్కడి నుండి దాయిరతుల్ మఆరిఫ్ వైపు సాగాము. ప్రాచీన అరబీ రాతప్రతులను పరిష్కరించి ముద్రించేందుకు 1888లో ఏర్పడిన సంస్థ అది. ఇప్పుడు ఈ ప్రాంగణంలోనే ఉంది. హదీసు ఉల్లేఖకుల జీవిత వివరాలు తెలిపే ఇబ్ను హజర్ గారి ‘తహ్‌జీబుత్ తహ్‌జీబ్’ 12 సంపుటాలను గత శతాబ్దపు తొలి సంవత్సరాల్లో ముద్రించింది ఈ సంస్థే. ఆ సంపుటాల ముఖపత్రం మీద హైదరాబాద్ దక్కన్ అన్న మాటను మేము విద్యార్థి దశ నుండీ చూస్తున్నాము. మా ఇంటికి కొద్ది కిలోమీటర్ల దూరంలో ఉన్న ఈ గుమ్మం ముందు మాత్రం అదే మొదటిసారి నిలబడ్డాము. ఆదివారం కావడంతో తలుపులు మూసి ఉన్నాయి.

అప్పుడే ఒక సంగతి గుర్తుకొచ్చింది. రత్నాల గురించి, లోహాల గురించి అల్ బీరూనీ రచించిన ‘కితాబుల్ జమాహిర్’ను ఈ సంస్థ 1936లో ముద్రించింది. దాని ప్రతి ఒకటి మా మదరసా గ్రంథాలయంలో ఉంది. హదీసు గ్రంథం కాదు కనుక మేము దానిని ఎన్నడూ తెరవలేదు. ఆ విద్వాంసుడే భారతదేశం గురించి రాసిన పుస్తకంలో, నదులు పర్వతాల దగ్గర పెద్ద రాళ్ళను, దూరం పోయేకొద్దీ చిన్నవాటిని, చివరికి ఇసుకను వదులుతాయని గమనించి, ఉత్తరాది మైదానం ఒకనాటి సముద్రం పూడిపోగా ఏర్పడి ఉంటుందని ఊహించాడు. ఈ మాట చెప్పగానే అబ్బాయి కళ్ళు మెరిశాయి. “మా మొదటి ఏడాది పాఠం అదే అబ్బా! ఆ పుస్తకం నాకు చదివి చెబుతారా?” అన్నాడు.

ఏడాదిగా మేము అతనికి తగిన సమాధానం వెతుకుతున్నామనుకున్నాము. వాస్తవానికి మేము వెతకవలసింది ఒక పుస్తకాన్ని. అది మా అలమారలోనే ఉంది.

తార్నాక వైపు వెళ్తుండగా చిన్న ఎత్తు దగ్గర మా చేతులు వణికాయి, నుదుట చెమట పట్టింది. ఉదయం మాత్ర వేసుకొని సరిగా తినకుండా బయలుదేరడం మా పొరపాటు. ఏమీ చెప్పకముందే అబ్బాయి మా సైకిలు హ్యాండిల్ పట్టుకొని ఆపి, సంచి నుండి ఖర్జూరాలు, నీళ్ళు తీశాడు. మాకు చెప్పకుండానే తెచ్చాడు. చెట్టు కింద పావుగంట కూర్చున్నాక వణుకు తగ్గింది. మధుమేహానికి మందులు వాడేవారు ఖాళీ కడుపుతో సైకిలు ఎక్కకూడదు. వెంట తీపి పదార్థం ఏదైనా ఉంచుకోవాలి. మొదటి నెల ఒంటరిగా దూరం పోకపోవడం మంచిది. ఈ మాట మా వంటి పాఠకుల కోసమే రాస్తున్నాము.

తార్నాకలో జాతీయ పోషకాహార సంస్థ ముందు నుండి వెళ్ళాము. 1918లో, అంటే ఉస్మానియా పుట్టిన ఏడాదే, కూనూరులో చిన్న పరిశోధన విభాగంగా మొదలై 1958లో ఈ నగరానికి తరలివచ్చిన సంస్థ అది. “ఈ గేటు ముందు మీ చక్కెర సంగతి చెప్పకండి అబ్బా, లోపలికి పిలిచి పాఠం చెబుతారు” అని అబ్బాయి నవ్వాడు. మేమూ నవ్వాము. దగ్గరలోని మసీదులో జుహర్ నమాజు చేసుకొని, సీతాఫల్‌మండి, వారాసిగూడ మీదుగా ఇల్లు చేరాము. ఆ రోజు తిరిగిన దూరమంతా కలిపినా 14 కిలోమీటర్లు మించదు.

ఆ రాత్రి మదరసా నుండి ‘కితాబుల్ జమాహిర్’ తెచ్చాము. ఇప్పుడు ఇషా తరువాత రోజూ ఒక పుట చదువుతున్నాము. అరబీ వాక్యానికి అర్థం మేము చెబుతాము. ఆ రాయి ఎటువంటిదో అబ్బాయి చెబుతాడు. కొన్నిచోట్ల ఇద్దరికీ తెలియదు, అక్కడ గుర్తు పెట్టుకొని ముందుకు సాగుతాము. సైకిలు మళ్ళీ మెట్ల కిందికి పోలేదు. గుమ్మం పక్కనే ఉంటోంది.