తాత ఫొటో ఎందుకు పచ్చబడింది?

ఈ నెల గోడపత్రికలో సైన్సు పేజీ నాకు ఇచ్చారు. నేను ఫొటో గురించి రాస్తున్నాను. ఫోనులో తీసుకునే ఫొటో కాదు, పాత నలుపు తెలుపు ఫొటో.

మాది అడ్డతీగల దగ్గర కొండ మీద ఊరు. మేము కొండరెడ్లం. మా తాత వెదురు కూపు పనికి పోయేవాడు. నేను పుట్టకముందే చనిపోయాడు. ఆయన ఎలా ఉండేవాడో నాకు తెలిసింది ఒక్క ఫొటో వల్లే. నా చిన్నప్పుడు అందులో తాత మీసం బాగా కనపడేది. పోయిన సంక్రాంతి సెలవులకి వెళ్ళి చూస్తే ముఖం సగం పచ్చగా అయిపోయింది. అంచుల దగ్గర పాదరసం పూసినట్టు మెరుస్తోంది. మా అవ్వ (నాన్న వాళ్ళ అమ్మ) దాన్ని చూసి "మీ తాత ఇంకోసారి పోతన్నాడే" అంది. నాకు ఏడుపొచ్చింది.

చట్రంలోంచి తీసి వెనక్కి తిప్పి చూశాను. మా ఇంట్లో ఇన్నేళ్ళలో ఎవరూ అలా తిప్పి చూడలేదు, చూసినా చదివేవాళ్ళు లేరు. నీలం రబ్బరు స్టాంపు సగం చెరిగిపోయి ఉంది. అందులో "సామర్లకోట" అని ఉంది, పెన్సిలుతో 1979 అని ఉంది. నేను చదువుకుంటున్న ఊరే! అవ్వని అడిగితే "రైలెక్కే ఊళ్ళో తీయించుకున్నాడంట" అంది. అంతే, ఊరి పేరు ఆమెకి తెలీదు.

సెలవులు అయ్యాక వార్డెన్ మేడం గారి పర్మిషన్ తీసుకుని, సైన్సు టీచర్ గారితో బజారుకి వెళ్ళాను. ఆ షాపు ఇంకా ఉంది. ఇప్పుడు పాస్‌పోర్టు ఫొటోలు, జెరాక్సు, ఆధార్ ప్రింట్లు. అప్పటి ఓనరు గారి అబ్బాయి ఉన్నారు, ఆయనే ముసలాయన అయిపోయారు. ఆయన మా తాత ఫొటో పట్టుకుని గోడకున్న ఇంకో ఫొటో పక్కన పెట్టారు. అది కూడా వాళ్ళ నాన్న ఆ రోజుల్లోనే తీసిందట. అది ఇప్పటికీ నల్లగా, నిగనిగలాడుతూ ఉంది. ఒకే షాపు, ఒకే చెయ్యి. ఒకటి ఉంది, ఒకటి పోతోంది. ఎందుకు? ఇదే నేను తెలుసుకున్న సంగతి.

నలుపు తెలుపు ఫొటోలో నలుపు అంటే సిరా కాదు. అది వెండి! నేను నమ్మలేదు. ఫొటో కాగితం మీద జెలటిన్ అనే జిగురు పూత ఉంటుంది. అందులో సిల్వర్ బ్రోమైడ్, సిల్వర్ క్లోరైడ్ లాంటి లవణాలు ఉంటాయి. డార్క్‌రూమ్‌లో ఎర్ర బల్బు వెలుగులో ఎన్‌లార్జర్ కింద కాగితం పెట్టి, నెగటివ్ గుండా కాంతి వేస్తారు. కాంతి తగిలిన చోట డెవలపర్ నీళ్ళలో వెండి బయటపడుతుంది. మరీ సన్నటి వెండి కాబట్టి తెల్లగా మెరవదు, నల్లగా కనిపిస్తుంది. కాంతి తగలని చోట లవణం అలాగే మిగిలిపోతుంది. దాన్ని హైపో అనే మందు కరిగించి తీసేస్తుంది. తర్వాత హైపో కూడా పోయేదాకా మంచి నీళ్ళలో కడగాలి. మందమైన కాగితమైతే గంటసేపు పారే నీళ్ళలో ఉంచాలి.

ఇందులో తమాషా ఏంటంటే, షాపుల్లో ఈ పనంతటినీ "ఫొటో కడగడం" అనే అంటారు. కానీ అసలైన కడగడం దగ్గరే తొందర పడేవాళ్ళట. రైలుకి టైమయ్యే బేరం, తడి ఆరకముందే ఇచ్చెయ్యాలి. షాపాయన దాచకుండా చెప్పారు: "మీ తాతకి రైలు టైమై ఉంటుంది తల్లీ, మా నాన్న నాలుగు ముంచులు ముంచి ఇచ్చేసుంటాడు." ఎండాకాలంలో డెవలపర్ వేడెక్కకుండా ట్రే చుట్టూ ఐసు ముక్కలు పెట్టేవాళ్ళని కూడా చెప్పారు. దానికి 20 డిగ్రీలు కావాలట, మన దగ్గర పంపు నీళ్ళే అంతకంటే వేడి.

మిగిలిపోయిన హైపో ఏం చేస్తుంది? హైపోలో గంధకం ఉంటుంది. అది మెల్లగా విడిపోయి వెండిని పట్టుకుంటుంది. మన అవ్వల వెండి కడియాలు, పట్టీలు కొన్నాళ్ళకి నల్లబడతాయి కదా, చింతపండు పెట్టి తోముతారు కదా, ఆ నలుపు సిల్వర్ సల్ఫైడ్. ఫొటోలో అదే జరుగుతుంది. కడియం గట్టిది కాబట్టి పైపైన నల్లబడి ఆగుతుంది. ఫొటోలో వెండి దారప్పోగుల కంటే సన్నం, మొత్తం మారిపోయి పచ్చగా, గోధుమ రంగుగా పలచబడుతుంది. పైగా తేమ, పొగ, గాలిలోని వాయువులు కలిస్తే కొంత వెండి ఉన్న చోటు వదిలి పైకి వచ్చి చేరుతుంది. అంచుల మెరుపు అదే. మా తాత ఫొటో పొయ్యి గోడకే వేలాడింది. ఇంకేముంది.

ఇప్పుడు సెలీనియం. ఈ మాట నాకు టీచర్ గారు చెప్పారు. ఫొటోలు చాలాకాలం నిలవాలని కోరుకునేవాళ్ళు కడిగిన ప్రింటుని సెలీనియం మందు కలిపిన నీళ్ళలో ముంచేవాళ్ళు. అమెరికాలో కొండలు, లోయలు తీసిన ఆన్సెల్ ఆడమ్స్ అనే పెద్ద ఫొటోగ్రాఫర్ ఇలాగే చేసేవారు. డార్క్‌రూమ్ పని ఇష్టపడేవాళ్ళు ఇప్పటికీ చేస్తున్నారు. సెలీనియం ఒక మూలకం, పరమాణు సంఖ్య 34. 1817లో స్వీడన్ దేశంలో బెర్జీలియస్ కనిపెట్టారు. దానికి ముందు తెలిసిన టెల్లూరియం అనే మూలకానికి భూమి పేరు ఉంది కాబట్టి, దీనికి గ్రీకు భాషలో చంద్రుడి పేరు పెట్టారు. నాకు ఇది బాగా నచ్చింది. పాత జెరాక్సు మిషన్లలో గుండ్రటి డ్రమ్ము మీద కూడా సెలీనియం పూతే ఉండేది. అంటే సెలీనియం పేరు తెలీకుండానే మనం దాని పని చూశాం.

ఆవర్తన పట్టికలో సెలీనియం గంధకానికి సరిగ్గా కింద ఉంటుంది. గుణాలు అక్కచెల్లెళ్ళ లాంటివి. అప్పుడు నాకు ఒక సందేహం వచ్చింది. అక్క ఫొటోని పాడు చేస్తుంటే చెల్లెలు ఎలా కాపాడుతుంది? టీచర్ గారు వెంటనే చెప్పకుండా "నువ్వే ఆలోచించు" అన్నారు. రెండు రోజులు ఆలోచించాను. మా ఇంట్లో పొయ్యి పైన అటక ఉంటుంది. వెదురు బద్దలు, మొక్కజొన్న విత్తనం కంకులు అక్కడ కట్టి పొగ పట్టిస్తారు. పొగ పట్టిన వెదురు రంగు మారుతుంది, కానీ పురుగు పట్టదు. అదే వెదురు ఇంటికి నిప్పంటుకుని కాలితే బొగ్గవుతుంది. రెండూ పొయ్యి పనే. ఒకటి మనం చూసుకుంటూ పెట్టింది, ఇంకొకటి మన చెయ్యి దాటింది.

టీచర్ గారు "దాదాపు అంతే" అన్నారు. మందులో ముంచినప్పుడు సెలీనియం వెండితో కలిసి సిల్వర్ సెలీనైడ్ అవుతుంది. వెండి రేణువు ఉన్న చోటే ఉండి మారుతుంది, చెల్లాచెదురు కాదు. ఒకసారి అలా మారిన దాన్ని గాలి, తేమ అంత సులువుగా కదిలించలేవు. గంధకంతో కూడా కావాలని ఇలాగే మారుస్తారు, దాన్ని సెపియా అంటారు. పాత పెళ్ళి ఫొటోలు కొన్ని మొదటి నుంచే గోధుమ రంగులో ఉంటాయి చూడండి, వాటిలో కొన్ని అలా చేసినవే. వాటిని పాడైన ఫొటోలనుకోకూడదు.

ముంచే పద్ధతి కూడా తెలుసుకున్నాను. కొనే మందు ఒక పాలైతే నీళ్ళు 3 పాళ్ళ నుంచి 20 పాళ్ళ దాకా, ఇంకా ఎక్కువ కూడా కలుపుతారు. ప్రింటు వేసి ట్రేని ఊపుతూ 2 నుంచి 8 నిమిషాలు ఉంచుతారు. పక్కనే ముంచని ప్రింటు ఒకటి తడిగా పెట్టుకుని పోల్చుకుంటారు, లేకపోతే మార్పు తెలీదు. ముందు బాగా నల్లటి చోట్లు మారతాయి. జుట్టు, కనుపాపలు ఇంకా చిక్కబడతాయి. తెలుపుకి దగ్గరగా ఉన్న చోట్లు చివరికి మారతాయి. అందుకే కొంచెంసేపు ముంచి తీసేస్తే నలుపు మాత్రమే గట్టిపడి, బుగ్గలు, తెల్ల చొక్కా కాపుదల లేకుండా ఉండిపోతాయి. మైక్రోఫిల్ముల మీద చేసిన పరీక్షల్లో కూడా పలచని సెలీనియం పూర్తి కాపుదల ఇవ్వదని తేలిందట. కొన్ని కాగితాల మీద రంగు నేరేడు పండు వైపు తిరుగుతుంది, కొన్నిటి మీద రంగు మారినట్టే ఉండదు. అది కాగితంలో ఏ లవణం ఎక్కువ ఉందో దాన్ని బట్టి.

ఎవరూ మన లేబులో ప్రయత్నించకండి. ఈ మందు విషం. చేతికి తొడుగులు, గాలి వచ్చే గది ఉండాలి, కాలవలో పారబొయ్యకూడదు. మన శరీరానికి కూడా సెలీనియం కావాలి, కానీ పెద్దవాళ్ళకి రోజుకి 55 మైక్రోగ్రాములు చాలు. పంజాబులో కొన్ని చోట్ల నేలలో సెలీనియం ఎక్కువై, ఆ గడ్డి తిన్న పశువులకి గిట్టలు ఊడిపోయాయి.

మన సామర్లకోట షాపులో సెలీనియం ఎప్పుడూ వాడలేదు. ఖరీదు, దొరకడం కష్టం. హైదరాబాదులో నిజాం గారికి ఫొటోలు తీసిన రాజా దీన్‌దయాళ్ (1844-1905) కాలంలో అయితే ప్రింటుని బంగారు లవణం కలిపిన నీళ్ళలో ముంచేవాళ్ళు. బంగారంతో!

ఇంకో సంగతి. 1940లలో ఫ్యూరర్ హైమెన్‌డార్ఫ్ అనే ఆస్ట్రియా ఆయన పాపికొండల దగ్గర మా కొండరెడ్ల ఊళ్ళు తిరిగి ఫొటోలు తీశారు. 1945లో రెడ్ల మీద పుస్తకం రాశారు. ఆయన తీసిన ఫొటోలు లండన్‌లో స్కూల్ ఆఫ్ ఓరియంటల్ అండ్ ఆఫ్రికన్ స్టడీస్‌లో ఉన్నాయి. కంప్యూటర్ రూములో కొన్ని చూశాను. ఎవరి తాతలో, ఎవరి అవ్వలో, ఎనభై ఏళ్ళైనా ముఖాలు స్పష్టంగా ఉన్నాయి. సంతోషం వేసింది, కోపం కూడా వచ్చింది. వాళ్ళ మనవలు ఎంతమంది వాటిని చూసుంటారు?

మరి మా తాత ఫొటోకి ఇప్పుడు సెలీనియం పెడితే బాగవుతుందా? అదే నేను మొదట అడిగింది. కాదు. పోయిన వెండి తిరిగి రాదు. సరిగా కడగని ప్రింటుని ఆ మందులో ముంచితే తెల్లటి చోట్ల మరకలు పడతాయి, ఉన్నది కూడా పోతుంది. ఫొటో కొత్తగా, ఆరోగ్యంగా ఉన్నప్పుడే అది చెయ్యాలి.

షాపాయన ఫొటోని స్కాన్ చేసి కంప్యూటర్లో నలుపు పెంచారు. మీసం మళ్ళీ లేచింది! ఎడమ చెంప మాత్రం రాలేదు. "నేను గీసి పెడతాను, తెలీదు" అన్నారు. నేను వద్దన్నాను. నాకు తాత చెంపే కావాలి, కంప్యూటర్ చెంప వద్దు. 80 రూపాయలు అయింది. టీచర్ గారు ఇచ్చారు, ఇంకా తీర్చలేదు.

నాన్న చూడ్డానికి వచ్చినప్పుడు రెండూ ఇచ్చి పంపాను. అవ్వ కొత్తదాన్ని గోడకి పెట్టించింది, పొయ్యికి దూరంగా. పాతదాన్ని కాగితం కవరులో పెట్టి బియ్యం డబ్బా పైన దాచిందట. ప్లాస్టిక్ కవరు వద్దని, లేమినేషన్ అసలే వద్దని నేనే చెప్పాను, లోపల తేమ చిక్కుకుంటుంది. కొత్తది చూసి "బాగుంది, కానీ మీ తాత పట్టుకున్నది ఇది కాదు కదా" అందని నాన్న చెప్పాడు.

మన ఆఫీసు రూములో మొదటి బ్యాచ్ అక్కల నలుపు తెలుపు గ్రూపు ఫొటో ఉంది. కిటికీ ఎదురుగా, సెల్లోటేపుతో అంటించి ఉంది. మధ్యాహ్నం ఎండ సరిగ్గా దాని మీదే పడుతుంది. కింద వరసలో ఎడమ నుంచి ఇద్దరు అక్కల ముఖాలు అప్పుడే పచ్చబడ్డాయి. వార్డెన్ మేడం గారు ఈ పేజీ చదువుతారు కాబట్టి అడుగుతున్నాను, దాన్ని లోపలి గోడకి మార్చి, ఒకసారి స్కాన్ చేయించడానికి పర్మిషన్ ఇవ్వండి. ఆ షాపు ఎక్కడో నాకు తెలుసు.

— 9వ తరగతి విద్యార్థిని