కోడిపిల్ల కాళ్ల కింద ఏముంది?



మనలో చాలామంది ఇళ్లల్లో కోళ్లు ఉన్నాయి. మా అమ్మ కోడిని అమ్మిన డబ్బులతోనే నాకు నోటు పుస్తకాలు కొంటది. కాబట్టి కోడిపిల్లలు చచ్చిపోతే అది చిన్న నష్టం కాదు. ఎప్పుడు చచ్చినా పెద్దవాళ్లు "తెగులొచ్చింది" అంటారు. కొక్కెర తెగులు నిజంగానే ఉంది, దానికి టీకా వేయించాలి. కానీ అన్ని చావులూ తెగులు కాదు. కొన్ని పిల్లలు కాళ్ల కింద మనం పోసిన పొట్టు వల్లనే చస్తాయి. అది ఎట్లాగో తెలుసుకుందాం.

తల్లితో తిరిగే పిల్లలకు ఈ బాధ తక్కువ. ఏది తినాలో తల్లి గీరి చూపిస్తది. ఇప్పుడు వనరాజా, గ్రామప్రియ పిల్లల్ని కూడా కొని పెంచుతున్నారు. ఇవి హైదరాబాదు రాజేంద్రనగర్‌లోని కోళ్ల పరిశోధన సంస్థ తయారుచేసిన రకాలు. మిషన్లో పొదిగిన పిల్లలు గనక తల్లి ఉండదు. వెచ్చగా ఉంటదని మనమే కింద పొట్టు పోస్తాం.

మొదటి ప్రమాదం, మింగడం. కోడికి పళ్లు లేవు. మేత కందనకాయలో నలుగుతుంది. పెద్దకోడి చిన్న రాళ్లు మింగినా మంచిదే, అవి గింజల్ని నలుపుతాయి. కానీ రెండు రోజుల పిల్లకి నూకకీ రంపపు పొట్టుకీ తేడా తెలియదు. ఆకలేస్తే కనబడిందల్లా పొడుస్తది. పొట్టు అరగదు. లోపల ముద్దకట్టి దారి మూసుకుపోతుంది. కడుపు నిండినట్టే ఉంటది గానీ పిల్ల చిక్కిపోతది.

ఇది కోడికే కాదు. వేరే దేశాల్లో చిరుతపులి లాగా మచ్చలుండే ఒక బల్లిని అద్దాల పెట్టెల్లో పెంచుకుంటారు. దాని సొంత చోటు అఫ్గానిస్తాన్, పాకిస్తాన్, మన దేశపు వాయవ్య భాగం. అందం కోసం పెట్టెలో ఇసుక పోస్తే, పురుగును పట్టేటప్పుడు ఇసుక కూడా మింగుతుంది. పేగుల్లో అడ్డుపడి చనిపోవచ్చు. వెచ్చదనం చాలకపోతే ప్రమాదం ఇంకా ఎక్కువ. అందుకని చాలామంది ఇసుక బదులు కాగితం గానీ పలక గానీ పరుస్తారు.

రెండో ప్రమాదం, తడి. రక్తపారుడు రోగం కంటికి కనబడని క్రిమి వల్ల వస్తుంది. అది రెట్టలో బయటికి వస్తుంది. పొట్టు తడిగా, వెచ్చగా ఉంటే ఒకటి రెండు రోజుల్లోనే రోగం అంటించే శక్తి దానికి వస్తుంది. ఆ పొట్టును పొడిచిన పిల్లకి నెత్తురు విరేచనాలు అవుతాయి. తడి రెట్ట ఘాటుకి కళ్లు కూడా మండుతాయి.

మూడో ప్రమాదం, బూజు. బూజు పొడి ఊపిరితిత్తుల్లోకి పోతే పిల్లలు నోరు తెరిచి ఎగపోస్తాయి.

ఇట్లా చెయ్యండి:

1. ఎండిన వరి ఊక రెండు మూడు అంగుళాల మందాన పోయండి. సన్నటి రంపపు పొట్టు వద్దు.

2. మొదటి మూడు నాలుగు రోజులు ఊక మీద కాగితం పరిచి రోజూ మార్చండి. ఆ తరువాత తీసెయ్యండి. నున్నటి కాగితం మీదే ఉంచితే కాళ్లు పక్కలకి జారిపోతాయి.

3. పిల్లలు రాగానే ముందు నీళ్లు, మేత పెట్టండి. ఆకలి తీరితే పొట్టు జోలికి ఎక్కువ పోవు.

4. రోజూ ఊక తిరగెయ్యండి. గుప్పెడు తీసి పిసకండి. ముద్దగా నిలిస్తే తడి ఎక్కువైనట్టు. నీళ్ల గిన్నె చుట్టూ తడిసింది తీసెయ్యండి.

5. మనవైపు పత్తి, మిరప చేలు ఎక్కువ. పురుగుమందు సీసాలు వచ్చిన అట్టపెట్టెలో పిల్లల్ని ఎప్పుడూ పెట్టకండి. కోడికి మిరప ఘాటు తెలియదు, అయినా కల్లంలో బూజుపట్టిన తాలుకాయల చెత్త కింద పోయకండి. పత్తి పీచు కూడా వద్దు, కాళ్లకి చుట్టుకుంటది.

నెత్తురు విరేచనాలు కనబడితే నాటు మందులతో రోజులు గడపకుండా పశువుల ఆస్పత్రికి పోవాలి. ఆ రోగానికి నీళ్లలో కలిపే మందు ఉంది.

వీటిలో ఊక పిసికి చూడటానికి పైసా ఖర్చు లేదు. సంక్రాంతి సెలవులకు ఇంటికి పోయినప్పుడు ఒకసారి గంప ఎత్తి చూడండి. మీ అమ్మకి కూడా చెప్పండి.

— 9వ తరగతి విద్యార్థిని